అందరూ పోయినంక పోయింది

ఆ ఆదివారం పొద్దున దయాకర్ పెట్టుకున్న పని చాలా చిన్నది. నాలుగు దోసెలు తినడం, బండి తీసి మహబూబాబాద్ రోడ్డులో సగం దూరం పోవడం, ఏదో ఒక నీడన నిలబడి కూతురు సైకిల్ మీద వస్తుంటే చూడటం, తిరిగి ఇంటికి రావడం. కేసముద్రంలో కాలిపోయిన మోటర్లకు కొత్త తీగ చుట్టి మళ్లీ తిప్పించే మనిషికి ఇదొక పనా అనుకున్నాడు.

సగం దూరంలో నిలబడాలన్నది అతని ఆలోచన కాదు, కూతురు రూపది. ఇంటర్ రెండో సంవత్సరం చదివే రూపకు ఆ రోజు జిల్లా సైకిల్ పోటీ. మహబూబాబాద్ శివారులో మొదలై కేసముద్రం బయట రైస్ మిల్లు దగ్గర ముగుస్తుంది.

"షురువయ్యేకాడ నిలవడకు నాయినా. నిన్ను చూస్తె నాకు గుబులైతది. అయిపోయేకాడ గూడ వద్దు," అంది రూప బూట్ల తాళ్లు కట్టుకుంటూ.

"మరి యాడ నిలవడాలె?"

"నడిమిట్ల. పేరు వెట్టి పిలవొద్దు. నీళ్లియ్యొద్దు. బండేసుకొని ఎనుక రావొద్దు."

"ఊపిరి తీస్కోవచ్చునా?"

"మెల్లగ తీస్కో."

పోటీ ఎట్లా జరుగుతుందో కూడా చెప్పబోయింది. "గిది అందరు ఒక్కపారి పోయేది కాదు నాయినా. టైమ్ ట్రయల్ అంటె..."

"నాకు చెప్తున్నవా బిడ్డా? మా చిన్నప్పుడు ఊర్లెకు ఒకాయన వచ్చి ఏడు దినాలు సైకిల్ దిగకుంట తొక్కిండు. తానం గూడ దాని మీదనే. ఏడు దినాలు నేను బడికి పోకుంట చూసిన."

ఇంత అనుభవం ఉన్నవాడికి చెప్పేదేముందని రూప ఊరుకుంది.

ఇంట్లో ఆ పోటీ మీద చాలా ఆధారపడి ఉంది. మొదటి ఇద్దరినీ రాష్ట్ర శిక్షణకు తీసుకుంటారు. ఆ ఇద్దరిలో రాకపోతే సైకిల్‌ను దాని సొంతదారు, కాలేజీలో ఆటలు నేర్పే సరోజ టీచర్‌కు తిరిగిచ్చేసి, బుద్ధిగా పుస్తకాలు పట్టుకోవాలని తల్లి మంజుల తేల్చి చెప్పింది. ఇక దయాకర్ తల్లి మణెమ్మ సంగతి వేరే. మనవరాలు మోకాళ్లు దాటని బిగుతు నిక్కరు వేసుకొని బజారులో పోవడం చూసిన రోజు నుంచి ఆమె ఆ పిల్లతో మాట్లాడటమే మానేసింది. అన్నం పెట్టేది, తల దువ్వేది, మాట మాత్రం లేదు. ఆ మౌనానికి ఆరు నెలలు నిండాయి. ఈ ఇద్దరి ముందూ కూతురి పక్షాన నిలబడ్డవాడు దయాకర్ ఒక్కడే.

అతను ఎంచుకున్న వేపచెట్టు కింద అప్పటికే ఒక మనిషి ఉన్నాడు. పక్క తండా చత్రు. రోడ్డు మీద ఆరబోసుకున్న వడ్లను పోటీ కోసమని పోలీసులు ఒక పక్కకు నెట్టించారట. మిగిలిన వడ్లకు కాపలాగా, ఛాయ్ ఫ్లాస్కు పక్కన పెట్టుకొని కూర్చున్నాడు.

కాసేపటికి మొదటి పిల్ల వచ్చింది. బాణంలా దూసుకుపోయింది. వెనక చూస్తే రోడ్డంతా ఖాళీ.

"ఒక్కతే వస్తున్నదేందన్నా?" అన్నాడు చత్రు.

"గదే ఫస్టు. మిగిలినోళ్లు అందుకోలేక యాడనో ఉన్నరు," అన్నాడు దయాకర్, ఏడు దినాలు సైకిల్ చూసిన అధికారంతో.

చాలాసేపటికి రెండో పిల్ల వచ్చింది. అది కూడా ఒంటరిగానే. ఇంకాసేపటికి మూడో పిల్ల. ఎవరూ ఎవరి దరిదాపుల్లో లేరు.

"వీళ్లల్ల వీళ్లకు పడదా ఏంది?" అని అడిగాడు చత్రు.

దయాకర్ రోడ్డు అంచుకు జరిగి దూరంగా చూస్తున్నాడు. ఒక్కొక్కరు దాటిపోతున్నకొద్దీ అతని మొహంలో రంగు దిగుతోంది. నాలుగో పిల్ల రూప కాదు. ఐదో పిల్ల రూప కాదు. ఆ తర్వాత లెక్క వదిలేశాడు. కొంతసేపటికి రోడ్డు పూర్తిగా నిర్మానుష్యమైపోయింది.

"అయిపోయినట్టున్నది," అని చత్రు పార తీసుకొని లేచాడు. వడ్లు మళ్లీ పరుద్దామని.

అప్పుడు వచ్చింది రూప. తల దించుకొని, నడుం వంచి, కుడిఎడమలు చూడకుండా. దయాకర్‌కు ఆ తల దించుకోవడం సిగ్గుతోనని తోచింది. పేరు పెట్టి పిలవలేదు. ఊపిరి కూడా తీసుకోలేదు. ఆమె వెనక ఒక జీపు, జీపు వెనక అంబులెన్సు నెమ్మదిగా వెళ్లాయి.

"ఎవ్వల పిల్లనో పాపం. అందరు పోయినంక పోతున్నది. ఎనుక దవాఖాన బండి గూడ పెట్టిండ్రు. గుండె గట్టిదే," అన్నాడు చత్రు.

"నా బిడ్డనే," అన్నాడు దయాకర్.

చత్రు పార కింద పెట్టి, ఫ్లాస్కు మూతలో ఛాయ్ పోసి అతని చేతికిచ్చాడు.

రెండు గుటకలు తాగాక దయాకర్‌కు ఒక సంగతి తట్టింది. చివరగా చేరే పిల్లకు రైస్ మిల్లు దగ్గర చప్పట్లు కొట్టేవాళ్లు కూడా ఉండరు. తనను అక్కడికి రావొద్దంది పిల్ల. కనీసం మన మనుషులు నలుగురు ఉంటే బాగుండును. వెంటనే బామ్మర్ది నగేష్‌కు ఫోన్ చేశాడు. నగేష్ కేసముద్రం మార్కెట్ యార్డులో కాంటా వేస్తాడు. వెనక లారీల హారన్లు, హమాలీల కేకలు.

"నగేష్, రూప పోయిందిరా," అన్నాడు దయాకర్.

"ఏంది బావా?"

"పోయింది. అందరు పోయినంక ఒక్కతే పోయింది. గిప్పుడే, నా కండ్ల ముందటికెల్లే పోయింది."

అవతల హారన్లు, కేకలు దూరమయ్యాయి; నగేష్ పక్కకు జరిగినట్టున్నాడు. తర్వాత, "ఎట్ల బావా?" అన్నాడు నగేష్ సన్నగా.

"ఎట్లనేంది, సైకిల్ మీదనే. సరే గని, రైస్ మిల్లు కాడికి ఒక నలుగురిని తీస్కరా. దండ గూడ తే. మీ అక్కకు మెల్లగ చెప్పు. అమ్మకు మాత్రం చెప్పకు, తట్టుకోదు."

ఆ తర్వాత ఎవరెవరు ఫోన్ చేసి ఎన్నో స్థానం అని అడుగుతారోనని భయం వేసి దయాకర్ ఫోన్ బంద్ చేశాడు. ఆ రోజు అతను చేసిన తప్పులన్నిటిలో పెద్దది ఇదే.

వెంటనే బయలుదేరితే రూప వెనక వచ్చినట్టవుతుందని చెట్టు కిందే కూర్చున్నాడు. చత్రు ఇంకో మూత ఛాయ్ పోశాడు. తన కొడుకు పదో తరగతి మూడుసార్లు తప్పి ఇప్పుడు హైదరాబాదులో క్రేన్ నడుపుతున్నాడని చెప్పాడు. "ఇంటికి రాంగనే ఏమనకు. ముందుగాల అన్నం పెట్టుమను. కడుపు నిండినంక ఓడిపోయిన ముచ్చట చిన్నగైతది," అన్నాడు. దయాకర్‌కు ఆ మాట నచ్చింది. మనసు కుదుటపరచుకొని, కూతురికి చెప్పవలసిన ధైర్యపు మాటలు రెండు మూడు రకాలుగా వల్లించుకుంటూ బండి ఎక్కాడు.

రైస్ మిల్లు దగ్గర అతను అనుకున్న నలుగురు లేరు. ట్రాక్టరు ట్రాలీ నిండా మనుషులు దిగి ఉన్నారు. వాడకట్టు మొత్తం వచ్చినట్టుంది. చివర వచ్చిన పిల్లకు ఇంతమంది చప్పట్లా అని అతనికి కళ్లు చెమర్చాయి. నగేష్ సమర్థుడు.

పక్కింటి కనకయ్య ఎదురొచ్చి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "ధైర్యం చేసుకో దయాకర్."

"నాకేందన్నా, నేను మంచిగనే ఉన్న. పోతె పోయింది."

కనకయ్య చేతులు వదిలేశాడు. "పోతె పోయిందా?"

"మరేం జేస్తం. ఒక్కపారికే గింత పరేషానైతె ఎట్ల? వచ్చే ఏడు మల్ల పోతది."

కనకయ్య రెండడుగులు వెనక్కి వేసి, "మనిషికి మతి తప్పినట్టున్నది. జర నీళ్లు తేండ్రి," అన్నాడు పక్కవాళ్లతో.

"మతి తప్పుడు ఏందన్నా? ముందటోళ్లను చూసినప్పుడే నాకు సమజైంది. ఎనుక దవాఖాన బండి చూసినంక ఇగ ఆశ ఇడిసిపెట్టిన. చెట్టు కింద కూసొని రెండు ఛాయ్‌లు తాగితె గని మనసు నిమ్మలం కాలే."

"కన్నబిడ్డ పోతె ఛాయ్ తాగినవా?"

"ఆమెనే ఎనుక రావొద్దన్నది."

అప్పుడు వినబడింది ఏడుపు. మామూలు ఏడుపు కాదు, శోకం. రాగం తీసి, మాట మాటకూ రొమ్ము గుద్దుకుంటూ ఏడ్చే ఏడుపు. గొంతు తన తల్లిది; చెప్పొద్దన్న కబురు ఆమెకూ చేరిపోయింది. దయాకర్ జనాన్ని తోసుకుంటూ ముందుకు పోయాడు. తలుపులు తెరిచి ఉన్న అంబులెన్సు. దాని పక్కన చాప. చాప మీద రూప, వెల్లకిలా పడుకొని, మొహం మీద తడి తువ్వాల. పాదాల దగ్గర మంజుల ఒరిగిపోయి ఉంది. తల దగ్గర మణెమ్మ.

"ఏమైందిరా?" అన్నాడు నగేష్ చొక్కా పట్టుకొని.

"నువ్వే కద బావా చెప్పింది?"

"నేనేం చెప్పిన?"

"పోయిందని."

తను ఫోన్ పెట్టేశాక, తను ఛాయ్ తాగుతుండగా, నిజంగానే ఏదో జరిగిపోయిందని దయాకర్‌కు అర్థమైంది. తనకు అర్థమైంది తప్పని అర్థం కావడానికి ఇంకా కొంత సమయం ఉంది. ఈలోగా అతను చాప పక్కనే ధబీమని కూలబడ్డాడు.

మణెమ్మ ఏడుస్తూనే ఉంది. "ఓ నా బిడ్డో, నీ నిక్కరును తిట్టిన నోరు పడిపోను బిడ్డో. ఆర్నెల్ల సంది నీతోని మాట్లాడకపోతి. ఒక్కపారి లే బిడ్డో. లేచి సైకిల్ తొక్కు బిడ్డో. నా కాళ్ల కడియాలమ్మి నీకు కొత్త సైకిల్ కొనిత్త బిడ్డో. ఏ బట్టలన్న ఏసుకో, ఏ ఊరన్న పో బిడ్డో."

తువ్వాల కింద రూప మేలుకొని చాలాసేపయింది. పరుగు పందెం ముగించిన గుర్రంలా వగరుస్తూ వచ్చిన పిల్లను, ఫలితాలు చెప్పేదాకా కదలకుండా పడుకొమ్మని సరోజ టీచరే అంబులెన్సు నీడన చాప మీద పడుకోబెట్టి, మొహం మీద తడి తువ్వాల వేసి, నీళ్లు తేవడానికి వెళ్లింది. పిల్లకు కునుకు పట్టింది. మెలకువ వచ్చేసరికి నాయినమ్మ మాట్లాడుతోంది. ఆరు నెలల తర్వాత, తనతోనే. ఎందుకు ఏడుస్తోందో తెలియకపోయినా, మధ్యలో లేస్తే మళ్లీ ఎక్కడ నోరు మూసుకుంటుందోనని ఆ పిల్ల కదలకుండా వింది. కొత్త సైకిల్ మాట వచ్చాక అసలే కదల్లేదు. కానీ పక్కన తండ్రి ధబీమని పడిన చప్పుడు వినబడేసరికి తువ్వాల తీసి లేచి కూర్చుంది.

"ఏందే నాయినమ్మా?"

చుట్టూ ఉన్న జనం ఒక్క ఊపున వెనక్కి జరిగారు. కనకయ్య ట్రాక్టరు చాటుకు చేరాడు. మణెమ్మ చెయ్యి రొమ్ము మీద సగంలో ఆగింది. మంజుల కూతురి చెంపలు తడిమింది, మెడ తడిమింది, భుజాలు గట్టిగా నొక్కింది. ఆ తర్వాత లేచి, చీర కొంగు నడుముకు దోపుకొని, మొగుడి వీపు మీద రెండు చరుపులు చరిచింది.

"ఫోన్ల ఏం మాట్లాడాల్నో ముందుగాల నేర్చుకో," అంది. ఆ తర్వాతే ఏడ్చింది.

అదే సమయానికి మైకులో ఫలితాలు చదివారు. మొదటి స్థానం, రూప, కేసముద్రం. దయాకర్ కూర్చున్నచోటే కూర్చొని, ఇంకో రూప ఎవరైనా ఉన్నారేమోనని చుట్టూ చూశాడు.

నీళ్ల సీసాతో వచ్చిన సరోజ టీచర్ ఆ మందను చూసి ముందు బెదిరింది. తర్వాత సంగతి విని అతని పక్కన కూర్చుంది. "ఒకల ఎనుక ఒకల్ని ఆపి ఆపి ఇడుస్తరన్నా. ఎవలు ముందు చేరిండ్రని కాదు, ఎవలు తక్కువ టైములో తొక్కిండ్రని చూస్తరు. ప్రాక్టీసుల తక్కువ టైము వచ్చినోళ్లను ఆఖరుకు పంపుతరు. గందుకే రూప అందరికన్న ఎనుక."

"గది పొద్దుగాల చెప్పొద్దా బిడ్డా?" అన్నాడు దయాకర్ కూతురితో.

"చెప్పనిచ్చినవా?"

నగేష్ అప్పటిదాకా వీపు వెనక దాచిపెట్టిన బంతిపూల దండను మెల్లగా ముందుకు తెచ్చాడు. నిలువెత్తు దండ. రూప మెడలో వేస్తే పాదాల దాకా వచ్చింది. అది ఏ లెక్కన కొన్నదో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. చప్పట్లు మాత్రం ఘనంగా మోగాయి. పోటీకి వచ్చిన మిగతా పిల్లలు, ఒక్క అమ్మాయి కోసం ట్రాక్టరు నిండా మనుషులు రావడం చూసి అసూయపడ్డారు.

మంజుల రాష్ట్ర శిక్షణ కాగితం మీద అక్కడికక్కడే సంతకం చేసింది. సైకిల్ తిరిగిచ్చే మాట ఎత్తలేదు. మణెమ్మ కొంగుతో మొహం తుడుచుకొని, చాలాసేపు మనవరాలిని కింది నుంచి పైదాకా చూసింది.

"లేచినవు గద, మోకాళ్ల మీద గా తువ్వాలన్న కప్పుకో," అంది.

"కొత్త సైకిల్ కొనిస్తనన్నవు," అంది రూప.

"సచ్చినదాని మీద ఒట్టు పెట్టుకున్న. బతికినదానికి ఇయ్యకపోతనా?" అని మణెమ్మ ట్రాలీ ఎక్కడానికి మనవరాలి భుజం పట్టుకుంది. ఇంటిదాకా ఆ చెయ్యి తియ్యలేదు, ఆ నోరు మూయలేదు. ఆరు నెలల బాకీ అంతా దారిలోనే తీర్చింది.

ఈలోగా నగేష్ చెప్పిన కబురు ఊళ్లు దాటిపోయింది. దాన్ని వెనక్కి పిలవడానికి సాయంత్రం దాకా అందరి ఫోన్లూ పనిచేశాయి. చాలామంది దారిలోనే బస్సు దిగి వెనక్కి మళ్లారు. కొందరు ఇంటిదాకా వచ్చి, పిల్లను చూసి, అన్నం తిని, సంతోషంగా వెళ్లారు. మొగుళ్లపల్లి నుంచి వచ్చిన మేనత్త మాత్రం, దినాల దాకా ఉందామని బట్టలు సర్దుకొని వచ్చింది కాబట్టి, అన్నాళ్లూ ఉండే వెళ్లింది.