బీరువా మీద మాగిన సిగార్లు

...అయినా కాల్చకుండా దాచుకోవడాన్ని పొగ తాగడం అంటారా? అనరు. బీరువా మీద, పాత సూట్‌కేసుల వెనక, దేవదారు చెక్కపెట్టెలో కొన్ని సిగార్లు ఊరికే పడుకుని ఉంటే అది అలవాటు కాదు, సేకరణ. తపాలా బిళ్ళలు దాచుకునేవాణ్ణి పట్టుకుని నువ్వు ఉత్తరాలు రాస్తున్నావని ఎవరైనా నిలదీస్తారా? నా మనసు ఇలాంటి వాదనలు మొదలుపెట్టిందంటే నా కాళ్ళు అప్పటికే స్టూలెక్కేశాయని అర్థం.

మా ఆవిడ ఇంట్లో లేదు. వాళ్ళక్క మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంటే, చూసుకోవడానికి వెళ్ళి మూడు వారాలైంది. వదినగారి కాలు త్వరగా అతుక్కోవాలని నేనూ మనస్ఫూర్తిగానే కోరుకున్నాను. కాకపోతే ఈ ఆదివారం దాటాక. ఆ మధ్యాహ్నం ఒక్కటంటే ఒక్కటి కాల్చాలన్నది నా పథకం.

ముందు సంగతి మీకు తెలియదు కదూ. నాది కళ్ళద్దాల దుకాణం. ఆ పెట్టె నా యాభయ్యో పుట్టినరోజుకి దుకాణంలో వాళ్ళిచ్చిన కానుక. ఆ వారంలోనే ఒక పెద్దాయనకి అక్షరాల పలక చూపిస్తుంటే, చెరిగిపోయిన అక్షరాలు ఆయనకి కాదు, నాకు. గుండె. మా ఆవిడ నన్ను పక్క బేకరీ వాళ్ళ వ్యానులో, రొట్టెల ట్రేల మధ్య పడుకోబెట్టి ఆసుపత్రికి చేర్చింది. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఒక కుర్చీ, అందులో ఆవిడ, ఆవిడ జుట్టునిండా రొట్టెపిండి. ఒక్క రాత్రిలో ముసలిదైపోయిందని హడలిపోయాను.

ఆసుపత్రిలో పెద్ద డాక్టరు నోరు తెరిస్తే వద్దనే మాటే వచ్చేది. మేమాయనకి ‘వద్దు డాక్టరు’ అని పేరు పెట్టుకున్నాం. ఉప్పు వద్దు, నూనె వద్దు, కాఫీ వద్దు, పొగ అసలే వద్దు. సిగరెట్లు ఆ రోజే మానేశాను. పెట్టెని మాత్రం బీరువా ఎక్కించాను. కాల్చడానికి కాదు, మాగబెట్టడానికి.

సరైన తేమలో ఏళ్ళ తరబడి ఉంచితే సిగార్‌లో ఘాటు చచ్చి, తేనెలాగా, పాత చెక్కలాగా ఒక వాసన వస్తుందట. ఇది నాకు చెప్పినవాడు వీధి చివర సిగార్ల దుకాణం పెట్టుకున్న ఓపిక బాబాయి. అప్పుడప్పుడూ చొక్కా జేబులో ఒకటి పెట్టుకుని వెళ్ళేవాణ్ణి. ఆయన దాన్ని చెవి దగ్గర మెల్లగా నలిపి, ముక్కు కింద ఆడించి, కళ్ళు మూసుకునేవాడు.

"ఇంకా మాగాలబ్బాయ్."

"ఇంకా ఎంత బాబాయ్?"

"ఓపిక పట్టు."

ఏడేళ్ళు పట్టాను.

నా పెట్టె మామూలు పెట్టె కాదు. మూతకి తేమ చూపించే ముల్లు ఉంది. చలికాలం రానీ, ఎండాకాలం రానీ, అది ఉన్నచోటు నుంచి కదిలేది కాదు. మిగతావాళ్ళు పెట్టెలో తేమ కోసం పెట్టిన స్పాంజి తడుపుకుంటూ, ముల్లు చూసుకుంటూ నానా అవస్థలూ పడతారు. నా పెట్టె తన సంగతి తనే చూసుకునేది. మంచి చెక్కంటే అదీ అని బాబాయి దగ్గర గొప్పలు పోయేవాణ్ణి. ఆయనకి సరిగ్గా అప్పుడే దగ్గు వచ్చేది.

ఆ ఆదివారం మూత తీసి చూద్దును కదా, ముల్లు అడుగుకి పడిపోయి ఉంది. ఒక సిగార్‌ని చెవి దగ్గర నలిపితే ఎండుటాకుల మీద పిల్లి నడిచిన చప్పుడు. నాకు రెండోసారి గుండెపోటు రావాల్సింది, టైము లేక ఆగిపోయింది.

పెట్టెని స్నానాలగదిలోకి తీసుకెళ్ళి వేడినీళ్ళ కుళాయి తిప్పాను. అద్దం తడిసింది, గోడలు తడిశాయి, నేను తడిశాను. ముల్లు తడవలేదు. తడి తువ్వాలు చుట్టి, జ్వరం వచ్చిన పిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. లాభం లేదు. చివరికి వంటింట్లో కెటిల్ పెట్టి, పెట్టెని ఆవిరి మీద పట్టుకున్నాను.

అప్పుడే ఫోను. మా ఆవిడ.

"ఏం చేస్తున్నారు?"

"ఏముంది, కూర్చున్నా."

"కూర్చుంటే ఆ ఈలేంటి?"

"కెటిల్. టీ పెట్టుకుంటున్నా."

"మీకు టీ పెట్టడం ఎప్పుడొచ్చింది?"

"నేర్చుకుంటే రాదా? మనిషన్నాక..."

"ఏమండీ."

"ఊఁ."

"ఆ పెట్టెని ఆవిరి మీద పెట్టకండి. చెక్క ఉబ్బుతుంది."

మూత అప్పటికే ఉబ్బి సగంలో బిగుసుకుపోయింది. "ఏ పెట్టె?" అన్నాను. నా గొంతు విని నాకే జాలేసింది.

"మీ చుట్టల పెట్టె."

"చుట్టలు కాదు, సిగార్లు." పట్టుబడ్డవాడికి మాత్రం ఆత్మగౌరవం ఉండదా?

"ఏవో ఒకటి. తప్పు నాదేలెండి. అక్క పడిందనగానే కంగారుగా బయల్దేరి, నీళ్ళు పొయ్యడం మర్చిపోయాను. లోపల స్పాంజి కింద చిన్న తొట్టి ఉంటుంది. నా కుట్టుమిషను సొరుగులో శుద్ధి చేసిన నీళ్ళ సీసా ఉంది. ఆ సీసా మూతతో రెండు మూతలు పొయ్యండి, చాలు. కుళాయి నీళ్ళు మాత్రం పొయ్యకండి, బూజు పడుతుంది."

కెటిల్ ఆపాను.

"ఎప్పట్నుంచి పోస్తున్నావు?"

"మీరు ఆసుపత్రి నుంచి వచ్చినప్పట్నుంచి. ఆయాసపడుతూ స్టూలెక్కి మరీ దాచారుగా? మీరు దిగేదాకా తలుపు వెనకే నిలబడ్డాను, పడితే పట్టుకుందామని."

"పారెయ్యలేకపోయావా?"

"పారేస్తే ఇంకోటి కొని ఇంకా ఎత్తున పెడతారు. ఆ డాక్టరేమో అన్నీ వద్దన్నాడు. అన్నీ వద్దంటే మనిషి దేనికోసం నిద్ర లేస్తాడండీ? అవి మాగేదాకా బతకాలని మీకు పట్టుదల. నాకంతకన్నా ఏం కావాలి?"

"మరి బాబాయి..."

"మొదటి రెండేళ్ళూ నిజమే చెప్పాడు. తర్వాత నేను చెప్పమన్నది చెప్పాడు. మీరు చెక్కని పొగుడుతుంటే నవ్వాపుకోలేక చస్తున్నానమ్మా అని ఒకటే గోల."

"అంటే మాగిపోయాయా?"

"ఎప్పుడో." అవతల వదినగారు ఏదో అడుగుతున్నారు. వస్తున్నానక్కా అని, మళ్ళీ ఫోన్లోకి వచ్చింది. ఈసారి గొంతులో వెటకారం లేదు. "చెప్పేశాను కదా, ఇంక మీ ఇష్టం. కాలిస్తే కాల్చుకోండి. నేనేమీ అనను."

పెట్టేసింది.

ఏదైనా అంటే బాగుండేది. తిట్టే మనిషి మీద పంతానికైనా అగ్గిపుల్ల గియ్యొచ్చు. స్టూలెక్కితే తనకి కళ్ళు తిరుగుతాయని బల్బు మార్చడానికి కూడా నన్నే పిలిచే మనిషి. నేను దుకాణంలో ఊరందరి చూపూ సరిచేస్తున్న వేళల్లో, ఒక చేత్తో సీసా, ఒక చేత్తో బీరువా అంచు పట్టుకుని, ఏడేళ్ళుగా అంత ఎత్తుకి ఎక్కి దిగింది. నేను సిగార్లు మాగబెడుతున్నాననుకున్నాను. ఆవిడ నన్ను ఎండిపోకుండా చూసుకుంటోంది.

ఒక సిగార్ తీసి వాసన చూశాను. అంత ఎండినా లోపల తేనె ఉంది, పాత చెక్క ఉంది. ఇంత బాగుంటుందని బాబాయి కూడా చెప్పలేదు. అగ్గిపెట్టె చేతికందే దూరంలోనే ఉంది.

తర్వాత సిగార్‌ని దాని చోట పడుకోబెట్టి, కుట్టుమిషను సొరుగు లాగి, సీసా తెచ్చి, స్పాంజి ఎత్తి పోశాను. మొదటి మూతలో సగం బల్ల మీద ఒలికింది. రెండోది ఒలకనివ్వలేదు.