నాలుగు వందల మీటర్ల రైతు సదస్సు

ఆగిరిపల్లి మురళీకృష్ణకి యాభై మూడేళ్లు. పన్నెండెకరాల మామిడితోట, కుడి మోకాలిలో కాస్త నొప్పి, మోటారు షెడ్డులో ఒక పాత టూస్ట్రోక్ బండి అతని ఆస్తులు. తోటని కూలీలు చూసుకుంటారు. మోకాలికి నూనె రాసుకోమంటే బద్ధకం. బండిని మాత్రం రోజూ పొద్దున్నే మెత్తటి గుడ్డ పెట్టి తుడుస్తాడు. తుడవడమే. అది కదిలి తొమ్మిదేళ్లయింది.

జూన్ మొదట్లో, ఆఖరి కలెక్టరు మామిడికాయల లారీ కూడా వెళ్లిపోయాక, భార్య కమల భోజనాల దగ్గర చల్లగా ఒక మాట చెప్పింది. విజయవాడ నుంచి ఎవరో పాత బండ్లు కొనే ఆయన వచ్చి చూసి వెళ్లాడట. నెలాఖరుకి బండి తీసుకుపోతాడట. ఆ చోట్లో పెద్ద ఫ్రీజరు పెడితే ఆవిడ మామిడి గుజ్జు నిలవ ఉంటుందట.

మురళీకృష్ణ కలుపుతున్న ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"నన్ను అడక్కుండానే?"

"కదలని దానికి అడగడం ఏంటండీ? మీరు పక్కకి జరపాలన్నా నలుగురు మనుషులు కావాలి."

"కదలకపోవడం కాదు. కొంచెం నలతగా ఉందంతే."

"తొమ్మిదేళ్ల నలతా? మనిషికైతే ఈపాటికి సంవత్సరీకాలు కూడా అయిపోయేవి."

చివరికి కమల మజ్జిగ పోస్తూ తీర్పు చెప్పింది. నెలాఖరులోగా బండి తన కాళ్ల మీద తాను నడిస్తే ఇంట్లో ఉంటుంది. లేకపోతే విజయవాడ వెళ్తుంది.

ఆ మధ్యాహ్నం మురళీకృష్ణ షెడ్డులో బండి పక్కన బోర్లించిన మామిడికాయల ట్రే మీద కూర్చుని చాలాసేపు దిగులుపడ్డాడు. ఆ బండి సామాన్యమైందా? కోతలయిపోయిన జూన్ నెలల్లో, లారీల రద్దీ తగ్గిన ముసునూరు రోడ్డు మీద, చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లంతా చేరి పందేలు వేసుకునేవాళ్లు. మలుపు దగ్గర మొదలుపెట్టి కాలవ వంతెన దాకా. బహుమతి ఏమీ లేదు, ఓడినవాడు అందరికీ సోడాలు తాగించాలి, అంతే. ఆ రోజుల్లో మురళీకృష్ణ తాగినన్ని సోడాలు కృష్ణా జిల్లాలో ఎవరూ తాగి ఉండరు.

పందెం లేని రోజు సినిమా. వెనక సీటు మీద కమల, ఆవిడ ఒళ్లో చిన్న రసాల బుట్ట, నూజివీడులో మ్యాట్నీ. దారి పొడుగునా టూస్ట్రోక్ పొగ వాసన, మాగిన రసాల వాసన కలిసిపోయి ఒక తీయటి ఘాటు వచ్చేది. ఇప్పటికీ ఎక్కడన్నా పాత బండి పొగ తగిలితే మురళీకృష్ణ నోట్లో నీళ్లూరతాయి. ఈ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. డాక్టరుకి చూపించుకోమంటారని భయం.

రెండో రోజు పొద్దున నూజివీడు వెళ్లి మెకానిక్ సవరయ్యని పట్టుకున్నాడు. నోరు తెరిస్తే ఆగడని ఆయన్ని అందరూ సైలెన్సర్ లేని సవరయ్య అంటారు. ఆయన షాపు గోడ మీద ఒక కాగితం అంటించి ఉంది. ఊరి బయట ఒక కొత్త వెంచరులో అరవై అడుగుల రోడ్లు వేశారు గానీ ఇళ్లు ఇంకా లేవలేదు. ఆ రోడ్డు మీద అనుమతులన్నీ తీసుకుని బైకు క్లబ్బు వాళ్లు డ్రాగ్ రేసులు పెడుతున్నారు. నిలబడ్డ చోటు నుంచి నాలుగు వందల మీటర్లు, ఇద్దరిద్దరు చొప్పున. పాతికేళ్లు దాటిన బండ్లకి వేరే పోటీ. ఆ పోటీలో అప్పటికి ఒక్కటే పేరుంది. అది సంతోష్ కుమార్‌ది.

సంతోష్ కుమార్ నూజివీడులో ట్రాక్టరు విడిభాగాల షాపు నడుపుతాడు. ఒకప్పుడు అందరికంటే ఎక్కువ సోడాలు కొనిపెట్టింది అతనే. "ఆ రోజు నాకు లారీ అడ్డమొచ్చింది గానీ లేకపోతేనా" అని ఇరవై ఏడేళ్లుగా కనపడ్డ ప్రతి పెళ్లిలోనూ అంటున్నాడు.

మురళీకృష్ణ అక్కడికక్కడే ఫారం నింపాడు. అందరి ముందూ పందెం గెలిచిన బండిని ఏ ఇల్లాలు మాత్రం అమ్మగలదు? ఇదీ అతని ఎత్తు. బండి కాగితాలు జతచేయమంటే ఇంటికొచ్చి, బీరువాలో అడుగున ఉన్న పాత కవరు తీసి, కళ్లజోడు వెతికే ఓపిక లేక అలాగే జిరాక్సు తీయించి ఇచ్చేశాడు.

ఇక రోజూ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా, కమల కునుకు తీసే వేళ, షెడ్డులో సవరయ్య వైద్యం సాగింది. కార్బొరేటరులో సాలీడు కాపురం పెట్టింది. సైలెన్సరులోంచి ఎలుక పిల్లలతో సహా ఖాళీ చేసి వెళ్లింది. పిస్టను రింగులు మార్చారు, క్లచ్ ప్లేట్లు మార్చారు. ఇంజనుకి ఆయిలు అందించే చిన్న పంపు మాత్రం ఎంతకీ లొంగలేదు. దాన్ని తీసి పక్కన పడేసి, ఆయిలు నేరుగా పెట్రోల్లోనే కలిపి పొయ్యమని సవరయ్య చెప్పాడు. తోటలో మందు కొట్టే మెషీనుకి పోసినట్టే, లీటరుకి ఇంత అని సీసా మూత మీద గీత గీసి మరీ చూపించాడు.

బండి సంగతి అయింది. ఇక బరువు. నాలుగు వందల మీటర్ల పందెంలో ప్రతి కిలో లెక్కేనని సవరయ్య అన్నాడు. మురళీకృష్ణ వెళ్లి కాయలు తూచే కాటా మీద నిలబడ్డాడు. ఎనభై ఏడు. తరుగు తీసేస్తే ఎంతని అడిగితే కాటా మనిషి, కుళ్లు కాయకే తరుగండీ, మీరు గట్టిగానే ఉన్నారుగా అన్నాడట.

ఆ రోజు నుంచి రాత్రిపూట అన్నం మానేస్తానని ప్రకటించాడు. కమల ఎందుకని అడగలేదు. అడక్కుండా గుత్తి వంకాయ చేసింది. మర్నాడు పనసపొట్టు కూర. ఆ మర్నాడు పెసరట్టులో ఉప్మా పెట్టి, మీరు తినరుగా అంటూ ప్లేటు అతని ముందు నుంచే తీసుకెళ్లింది, నెయ్యి వాసన తగిలేంత దగ్గరగా. మనిషన్నాక ఎంతకని ఓర్చుకుంటాడు. వారం తిరిగేసరికి కాటా ఎనభై ఎనిమిదిన్నర చూపించింది.

పందెం ఆదివారం పొద్దున. మామిడి రైతుల సదస్సు ఉందనీ, వెళ్లకపోతే బాగుండదనీ శనివారమే చెప్పి ఉంచాడు.

"సదస్సుకి పాత ప్యాంటెందుకు?" అంది కమల.

"రైతులాగా కనపడొద్దూ?"

"కనపడండి. నాకూ రేపు పనుంది, తెల్లారగానే వెళ్లిపోతాను."

ఏం పనో అడిగే తీరిక మురళీకృష్ణకి లేదు. ఆవిడ వెళ్లిపోతుందన్న సంతోషంలో ఉన్నాడు.

ఆదివారం ఆమె గేటు దాటగానే షెడ్డులోకి దూరి, అలమరలో వరసగా ఉన్న పాత మంచినీళ్ల సీసాల్లోంచి బండి ఆయిలుదే అనుకుని ఒకటి లాగి, సవరయ్య చెప్పిన కొలతకి ఇంకో మూత ఎక్కువే పెట్రోల్లో కలిపి ట్యాంకులో పోశాడు. ఆ అలమరలోనే, అచ్చం అలాంటి సీసాల్లోనే, పూత మీద తేనెమంచు పురుగుకి కొట్టే వేపనూనె కూడా ఉంటుంది. వాసన చూస్తే పసిపిల్లలు కూడా చెప్పగలరు. కానీ ముప్పై ఏళ్లుగా వేపనూనె పీల్చిన ముక్కుకి అది మామూలు గాలితో సమానం.

బండి నాలుగో కిక్కుకి పలికింది. ఆ చప్పుడు వినగానే మురళీకృష్ణకి కళ్లు చెమర్చాయి. కొంత ఆనందం, ఎక్కువ పొగ.

వెంచరు దగ్గరికి చేరేసరికి జాతరలా ఉంది. రోడ్డుకి రెండు వైపులా తాళ్లు కట్టారు. సంతోష్ కుమార్ అప్పటికే తన బండి మీద కూర్చుని, పొట్టని ట్యాంకు మీద సర్దుకుంటున్నాడు. మురళీకృష్ణ హెల్మెట్ తగిలించుకుని గీత దగ్గర నిలబడి, జనం వైపు ఒకసారి ధీమాగా చూశాడు. చూసి గబుక్కున అద్దం కిందికి దించేశాడు.

తాళ్ల అవతల షామియానా కింద మూడు పెద్ద గిన్నెలు, ఒక సాంబారు బకెట్టు. గరిట పట్టుకుని పులిహోర వడ్డిస్తున్నది కమల. పక్కన ఆవిడ డ్వాక్రా సంఘం మొత్తం.

పారిపోదామనుకున్నాడు. ఈలోగా జెండా ఊగింది.

మొదటి గేరులో బండి పులిలా దూకింది. రెండో గేరులో వెనక నుంచి తెల్లటి పొగ ఒక గోడలా లేచింది. మూడో గేరు వెయ్యకముందే ఆ గోడ రోడ్డంతా పరుచుకుని, వేపనూనె కంపు షామియానాని కమ్మేసింది. జనం ముక్కులు మూసుకున్నారు. తాళ్ల దగ్గర కూర్చున్న ముసలాయనెవరో, ఈ ఏడాది ఇక మనకి దోమలుండవని అన్నాడట. నూట యాభై మీటర్ల దగ్గర బండి రెండుసార్లు దగ్గి, గౌరవంగా ఆగిపోయింది.

పొగ విడిపోయేసరికి ఎదురుగా కమల నిలబడి ఉంది.

"సదస్సు అయిపోయిందాండీ?"

మురళీకృష్ణ హెల్మెట్ తియ్యలేదు. తీయకపోతే తను కాదనుకుంటుందేమోనని ఇంకా చిన్న ఆశ.

"తియ్యండి. కాయలన్నీ తెంపుకున్నాక ఒట్టి చెట్లకి మందు కొట్టే రైతు ఈ మండలంలో మీరొక్కరే. షెడ్డులో ఏ సీసా తీశారో ఇక్కడికే తెలుస్తోంది."

"నీకెలా తెలుసు, నేనిక్కడికి వస్తానని?"

కమల బొడ్లో దోపుకున్న కాగితం తీసి చూపించింది. క్లబ్బు వాళ్ల ఫారం. బండి ఎవరి పేరు మీద ఉంటే వాళ్లు సంతకం చేస్తేనే పందెంలోకి రానిస్తారు. కాగితాల్లో ఉన్న పేరు చూసి, ఆ సంతకం కోసం వాళ్లు ఇంటికొచ్చారు, ఇతను తోటలో ఉన్నప్పుడు. అక్కడ పేరు స్పష్టంగా ఉంది. కమల, భర్త పేరు మురళీకృష్ణ.

మురళీకృష్ణకి అప్పుడు గుర్తొచ్చింది. పెళ్లయిన నెలకి కొన్నారు బండి. షాపులో గుమస్తా ఎవరి పేరు మీద రాయమంటారని అడిగితే, పక్కనే కొత్త చీరలో నిలబడ్డ కమలని చూసి, ఛాతీ ఉబ్బించి, మా ఆవిడ పేరు మీద అన్నాడు. ఆవిడ అప్పుడు తల దించుకుని నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ గుర్తుంది. ఎందుకు నవ్విందో మాత్రం మర్చిపోయాడు.

"సంతకం పెట్టాను. అలాగే ఎంతమందికి టిఫిన్లు కావాలని అడిగాను," అంది కమల.

ఒక్కో బండికి రెండు అవకాశాలు. రెండోసారికి అరగంట టైముంది. కమల పిలవగానే సవరయ్య పరిగెత్తుకొచ్చి ట్యాంకు ఖాళీ చేశాడు, ప్లగ్గు గరుకు కాగితంతో రుద్దాడు, తన డబ్బాలోంచి మంచి ఆయిలు కలిపి పోశాడు. అంతసేపూ నోరు మెదపలేదు. సవరయ్య మాట్లాడకపోవడం చూశాకే మురళీకృష్ణకి అర్థమైంది, ఈయన కూడా అటువైపేనని.

కమల కొంగు బిగించి దోపి, చీర కింద వేసుకొచ్చిన ట్రాక్ ప్యాంటు కనపడేలా కుచ్చిళ్లు పైకి చెక్కింది.

"ఏంటిది?"

"రెండోసారి నేను నడుపుతున్నాను. బండి నాది, పేరు కూడా రాయించాను."

"పడిపోతావు కమలా."

"తోట దారిలో నాకు గేర్లు నేర్పింది మీరేగా. అప్పుడు పడ్డానా? మీరే వెనక కూర్చుని కళ్లు మూసుకున్నారు. నేను యాభై ఒక్క కిలోలు. మీరు మొన్న కాటా మీద ఎంతో చెప్పమంటారా?"

అప్పుడు వెలిగింది గుత్తి వంకాయ ఎందుకో, పనసపొట్టు ఎందుకో.

జెండా ఊగింది. కమల ఎక్కడా తొందరపడలేదు. గేరు పడ్డ చప్పుడు కూడా వినపడనంత మెత్తగా వేస్తూ, తలొంచి, మోచేతులు దగ్గరికి పెట్టుకుని వెళ్లిపోయింది. అలా వంగడం తనెప్పుడూ నేర్పలేదే అనుకున్నాడు మురళీకృష్ణ. వెనక కూర్చున్నన్నాళ్లూ తనని చూసే నేర్చుకుందని తర్వాత తట్టింది. సంతోష్ కుమార్ తొంభై రెండు కిలోలూ ముందుకు వంచినా లాభం లేకపోయింది. ఒక బండి పొడుగు తేడాతో కమల గీత దాటింది. వేపనూనె పొగ ఇంకా కళ్లలో ఉందని సంతోష్ కుమార్ అప్పుడే నలుగురికి చెప్పడం మొదలుపెట్టాడు.

మురళీకృష్ణ సాంబారు బకెట్టు పక్కన నిలబడి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. కొట్టాక జంకుతూ అడిగాడు. బండి నడిచింది కదా, ఇక విజయవాడ ఆయనకి ఏం చెబుదామని.

"ఏ విజయవాడ ఆయన?" అంది కమల. "అలా అనకపోతే మీరు ఇంకో తొమ్మిదేళ్లు తుడుచుకుంటూ కూర్చునేవారు. తోటకి వెళ్లాలంటే ఆటో కోసం గంటసేపు నిలబడుతున్నాను, బండి బాగుచేయించండి అని మూడేళ్లుగా మొత్తుకుంటుంటే స్కూటీ కొనుక్కోమన్నారు. గేర్లు లేని బండి మీద నాకు నిద్రొస్తుంది."

ఆ మధ్యాహ్నం ఆవిడ బండి మీద వెళ్లిపోయింది. మురళీకృష్ణ ఖాళీ గిన్నెలతో పాటు ఆటోలో, ఒళ్లో గరిటెల కట్ట పెట్టుకుని, డ్వాక్రా సంఘం మధ్యన ఇల్లు చేరాడు.

ఇప్పుడు బండి పొద్దున్నే తోటకి వెళ్తుంది. తాళంచెవి కమల మంగళసూత్రంతో పాటే ఉంటుంది. ఒకసారి నూజివీడు దాకా వెళ్లొస్తానని మురళీకృష్ణ అడిగితే, ఎందుకు, ఎంతసేపట్లో వస్తారు, ఆయిలు ఎవరు కలుపుతారు అని మూడు ప్రశ్నలు. మూడోదానికి ఎప్పుడూ సరైన జవాబు దొరకదు.

సాయంత్రం అరుగు మీద కూర్చుంటే దూరంగా రోడ్డు మలుపులో ఆ చప్పుడు వినపడుతుంది. పెళ్లయిన కొత్తలో ఆ చప్పుడు వినగానే కమల లేచి కాఫీకి పాలు పెట్టేది, బండి గుమ్మంలో ఆగేసరికి గ్లాసు చేతిలో ఉండేది. ఒకరోజు మురళీకృష్ణ అలాగే విన్నాడు. మూడో గేరు. రెండో గేరు. తర్వాత లేచి వంటింట్లోకి వెళ్లి, పాలగిన్నె ఎక్కడ పెడతారో వెతకడం మొదలుపెట్టాడు.