గంగాళంలో పళ్ళసెట్టు

ఆ ఆదివారం పొద్దున పళ్ళ డాక్టరు శ్రీరంగప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి. పది గంటలకు భార్య సుంకమ్మ దవడపన్ను పీకాలి. పన్నెండింటికి రిటైరయిన హెడ్మాస్టరు కుళ్ళాయప్ప వస్తే, ఆయన కొత్త పళ్ళసెట్టు నోటికి సరిపోయిందో లేదో చూడాలి.

తాడిపత్రి బజారువీధిలో శ్రీరంగప్పకు ఇల్లూ ఆస్పత్రీ ఒకటే. వీధివైపు గది ఆస్పత్రి. అందులో కిటికీ పక్కన ఒక పంపు స్టవ్వు ఉంది. కొత్త వేరుశనగ పంట వచ్చి నెలరోజులైంది. వంటింట్లో కట్టెల పొగ పడక, సుంకమ్మ రోజూ తెల్లారగానే ఆ స్టవ్వు మీదే చెనిక్కాయలు ఉడకబెట్టేది. రోగులు వచ్చేలోగా శ్రీరంగప్ప వాటిని ఒలుచుకుని తింటూ ఎదురింటివైపు చూసేవాడు.

ఎదురింట్లో రామదాసు ఉన్నాడు. అతనూ పళ్ళ డాక్టరే, వయసులో ఎనిమిదేళ్ళు చిన్న. బళ్ళారిలో పని నేర్చుకుని వచ్చి మూడేళ్ళ కిందట బోర్డు పెట్టాడు. అప్పటినుంచీ రామదాసు గుమ్మం ముందు ఎన్ని జతల చెప్పులున్నాయో లెక్కపెట్టడం శ్రీరంగప్పకు అలవాటైపోయింది. ఎక్కువగా ఉన్న రోజు అన్నం సయించేది కాదు. పైగా అది ఫ్లూ జ్వరం ఊళ్ళ మీద పడిన 1957. ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు దుప్పటి కప్పుకుని దగ్గుతున్నారు. అయినా రామదాసు గుమ్మం ముందు చెప్పులు తగ్గలేదు, పెరిగాయి.

"రా, కూచో," అని శ్రీరంగప్ప కుర్చీ దులిపి, పటకార చెంబునీళ్ళలో ముంచి తీశాడు.

సుంకమ్మ వాచిన చెంప పట్టుకుని గడప దగ్గరే నిలబడింది. "నిన్న దాంతో ఎవరికి పీకినావు?"

"పుల్లన్నకు."

"ఆయప్పకు రాత్రినుంచి జ్వరం. అది నా నోట్లో పెట్టొద్దు. ఎదురింటి రామదాసు పటకార గడియారం చూసి ఇరవై నిమిషాలు మరగబెడతాడంట. మూతికి గుడ్డ కట్టుకుంటాడంట. ఒకరిని చూసినాక సబ్బుతో చేతులు కడుక్కుని గానీ ఇంకొకరిని ముట్టడంట. నేను ఆడికే పోతా."

శ్రీరంగప్పకు ఒళ్ళు భగ్గుమంది. పళ్ళ డాక్టరు పెళ్ళాం ఎదురింటికి పోయి పన్ను పీకించుకుంటే, ఆ చెప్పుల వరసలో సుంకమ్మ ఎర్రతోలు చెప్పులు ఊరి కంట పడితే, రేపటినుంచి తన కుర్చీలో కూర్చునేది తానొక్కడే.

"ఎవరెవరో చెప్పింది ఇనొద్దు. వాడు గిన్నెలో మరగబెడితే నేను గంగాళంలో మరగబెడతా. రెండు గంటలు ఆగు."

"రెండు గంటలే. ఆమీద నా వల్ల కాదు."

కాంపౌండరు షావలి ఇరవై ఏళ్ళుగా ఆ ఇంట్లో పనిచేస్తున్నాడు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడు, అంతకు మించి ఆలోచించడు. సుంకమ్మ పెళ్ళినాటి ఇత్తడి గంగాళాన్ని అతను వీధిలోకి దొర్లించి, మూడు రాళ్ళ మీద నిలబెట్టి మంట వేశాడు. వాన మొహం చాటేసిన ఏడాది అది. నాలుగు వీధులవతల బావినుంచి పద్నాలుగు బిందెలు మోసేసరికి షావలికి నడుం పట్టేసింది. రామదాసుకు కనిపించాలని శ్రీరంగప్ప గంగాళాన్ని ఇంకో రెండడుగులు ముందుకు జరిపించాడు. అతనిది ఒంటిపొర గుడ్డ గదా అని తను పాత పంచె నాలుగు మడతలు వేసి మూతికి కట్టుకున్నాడు. తన మాట తనకే వినపడటం మానేసింది. నీళ్ళలో రెండు దోసెళ్ళ ఉప్పు, ఒక మోపు వేపాకు వేశాడు. వేపాకు సంగతి రామదాసుకు తట్టలేదని ఆయన సంతోషం.

"ఏమేమి ఎయ్యల్ల సామీ?" అన్నాడు షావలి.

"నోట్లోకి పోయేదేదైనా మరగాల్సిందే. ఒక్కటి మిగలకూడదు."

షావలి పటకారలు వేశాడు, అద్దం వేశాడు, గ్లాసులు వేశాడు. బీరువాలో హెడ్మాస్టరుగారి పళ్ళసెట్టు కనిపించింది. అదీ నోట్లోకి పోయేదే గనక వేశాడు. కొలత చూడటానికని ఆ పళ్ళను ఇంకా మైనం మీదే అమర్చి ఉంచారు. మరిగే నీళ్ళలో మైనం ఎంతసేపు నిలుస్తుంది? ఇరవై ఎనిమిది పళ్ళూ విడిపోయి వేపాకుల మధ్య హాయిగా తిరగసాగాయి.

ఫ్లూ రోజుల్లో నడివీధిలో గంగాళం, ఆకుపచ్చ నీళ్ళు, ఘాటైన ఆవిరి, పక్కన మూతికి గుడ్డ కట్టిన పెద్దమనిషి. చూసినవాళ్ళకు ఇంకేమనిపిస్తుంది? డాక్టరు జ్వరానికి కషాయం పంచుతున్నాడని ఒకరనుకున్నారు, పదిమంది నమ్మారు. పావుగంటలో చెంబులు, గిన్నెలు పట్టుకుని వీధి సగం నిండింది.

అంతమందిని చూసి శ్రీరంగప్ప గుండె పొంగింది. వాళ్ళంతా తన శుభ్రత చూడటానికే వచ్చారనుకున్నాడు. గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ రామదాసు వైపు ఒక చూపు విసిరాడు. మూడేళ్ళలో అంత తృప్తిగా ఆయన ఎవరినీ చూడలేదు.

"ఇది తాగేది కాదు" అని ఆయన చెప్పకపోలేదు. నాలుగు మడతల పంచెలోంచి అది దీవెనలాగా వినిపించింది. హనుమక్క అనే ముసలామె నమస్కారం చేసి, చెంబు ముంచుకుని, ఊదుకుంటూ సగం తాగి ఆగింది. నోట్లోంచి ఏదో తీసి అరచేతిలో పెట్టుకుని చూసింది. నాలుకతో తన పళ్ళన్నీ తడుముకుంది. ఉన్నవే నాలుగైదు గనక లెక్క తొందరగా తేలింది.

"ఇది నాది కాదు. నాకు ముందు తాగినోళ్ళది ఊడిండాది," అంది నిదానంగా.

ఇంకొకాయన గిన్నెలో రెండు వచ్చాయి. మరొకరికి ఒకటి.

"ఓహో, ఇదా సంగతి. ఎదురింటాయనకు బేరం ఎక్కువైందని, ఈయప్ప పళ్ళు రాలే కషాయం పంచుతాండాడు," అన్నాడు వెనకనుంచి ఎవరో.

ఆ మాట చాలింది. తాగినవాళ్ళంతా ఉమ్మేసి, పళ్ళు కదిపి చూసుకుంటూ, ఉన్నవి గట్టిగా ఉన్నాయో లేవో చూపించుకోవడానికి నేరుగా రామదాసు ఇంటికి పరిగెత్తారు. ఆ తోపులాటలో గంగాళం ఒరిగి మంట ఆరిపోయింది. హెడ్మాస్టరు కుళ్ళాయప్ప సరిగ్గా పన్నెండింటికి వచ్చి, బోసినోటితో, "నా పళ్ళు తయారైనాయా?" అని అడిగాడు.

శ్రీరంగప్ప, షావలి బురదలో కూర్చుని వెతికారు. ఇరవై మూడు దొరికాయి. ఇరవై నాలుగోది దొరికిందనుకుంటే అది గులకరాయి. అప్పుడు తల ఎత్తి చూశాడు శ్రీరంగప్ప. ఎదురింటి గుమ్మం ముందు ముప్పై జతలకు పైగా చెప్పులు. మొదటి జత ఎర్రతోలుది.

చేతిలో పళ్ళతోనే వీధి దాటాడు. లోపల కుర్చీలో సుంకమ్మ నోట్లో దూదితో, నాలుగు రోజుల నొప్పి తర్వాత ప్రశాంతమైన మొహంతో కూర్చుని ఉంది.

రామదాసు మూతిగుడ్డ విప్పి చేతులు కట్టుకున్నాడు. "తప్పనుకోవద్దన్నా. వదిన నొప్పి చూడలేక పీకినా. దూది పెట్టినా. అరగంట నోరు తెరవకూడదని చెప్పినా. నీ అంత బాగా మరగబెట్టలేదేమో గానీ, ఇరవై నిమిషాలు మరగబెట్టినా."

"నా అంతనా?"

"దాచేదేముండాది? నెల కిందట మా ఇంటామె మారెమ్మ నీ కిటికీ చూపించింది. 'చూడు, శ్రీరంగప్పన్న రోజూ తెల్లారేసరికి స్టవ్వు మీద మరగబెడతాండాడు. నువ్వేమో తుడిచి పెడతాండావు. ఇంక జనం నీకాడికి ఎందుకొస్తారు?' అని తిట్టింది. నాకు కడుపు మండిపోయింది. ఆ పొద్దే గిన్నె కొన్నా. నిన్ను మించాలని గుడ్డ కట్టినా, సబ్బు పెట్టినా. అంతా నీ దగ్గర చూసి నేర్చుకున్నదే."

శ్రీరంగప్పకు ఉడికిన చెనిక్కాయల వాసన వచ్చినట్టయింది. సుంకమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. ఆమె ఏదో అనబోయింది.

"వద్దు వదినా. రక్తం ఆగదు," అన్నాడు రామదాసు.

శ్రీరంగప్ప గొంతు సవరించుకున్నాడు. వాకిట్లో నిలబడ్డ ముప్పై మందికీ వినపడేలా, "నిజమే తమ్ముడూ. మరగబెట్టకుండా పటకార ముట్టేది మా ఇంట్లో మొదటినుంచీ లేదు," అన్నాడు.

సుంకమ్మ దూది తీయడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది గనక, వీధి చివరిదాకా వెళ్ళి మిగిలినవాళ్ళకు కూడా ఆ సంగతి చెప్పి వచ్చాడు.