నాలుగు చక్రాలూ తిరిగే బండి

బీర్కూర్ మండలంలోని మా ఊరికి చెందిన వెంకటనారాయణ అనే రైతు, సొంత పనుల నిమిత్తం ఒక పికప్ బండి కొనదలచినట్లు ఇందుమూలముగా తెలియజేయడమైనది. ఇది పోయిన దసరా నాటి మాట. బండి వచ్చింది మాఘమాసంలో. మధ్యలో గడిచిన నాలుగు నెలలను మా ఊళ్లో మేధావుల కాలంగా పరిగణిస్తున్నాం.

వెంకటనారాయణకు కాలువ కింద ఎనిమిది ఎకరాలు. ఐదింట్లో వరి, మూడింట్లో చెరుకు. ఊరి నుంచి పొలానికి కాలువ కట్ట మీదుగా రెండు కిలోమీటర్లు. ఆ కట్ట ఎండాకాలంలో దుమ్ము, వానాకాలంలో నల్ల బురద, మిగతా కాలంలో గుంతలు. యూరియా బస్తాలు, చెరుకు విత్తనం, మందు కొట్టే పంపు, నాట్లేసే కూలీలు, కోసిన వడ్లు, అన్నీ దాని మీదుగానే పోవాలి, రావాలి. కిరాయి ట్రాలీ ఆటో ఊరి చివరిదాకా వచ్చి ఆగిపోయేది. అక్కడి నుంచి మనుషుల నెత్తులు మొదలయ్యేవి.

ఎలాంటి బండి కావాలో ఆయన భార్య గంగమణి మొదటి రోజే, బియ్యం చెరుగుతూ చెప్పేసింది.

"ఇరవై బస్తాలు ఏస్తే మొయ్యాలె. బురదల దిగవడితే మళ్ల ఎల్లాలె. గంతే."

ఇంతకన్నా స్పష్టంగా ఏ నిపుణుడూ చెప్పలేడు. అందువల్ల ఆమె మాటను ఎవరూ పట్టించుకోలేదు.

పట్టించుకున్నది అఖిలేశ్ మాటను. అతడు వెంకటనారాయణ మేనల్లుడు. బాన్సువాడలో ఒక ప్రైవేటు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికి బురద గురించి తెలిసినంతగా బురదలో నిలబడ్డవాడికి తెలియదన్నది మనందరం ఒప్పుకున్న సంగతే. అఖిలేశ్ అరవై మూడు వీడియోలు చూశాడు. వాటిలో పికప్ బండ్లు మంచుకొండలు ఎక్కాయి, ఇసుక దిబ్బలు దూకాయి, మొసళ్లున్న వాగులు దాటాయి. ఒక్క బండిలోనైనా ఎవరైనా యూరియా వేశారా అని గంగమణి అడిగింది. అది పాఠ్యాంశంలో లేదు.

"అత్తా, నువ్వు చెప్పిన బురదకే గిది. ఫోర్ బై ఫోర్ అంటరు. నాలుగు చక్రాలూ తిరుగుతయి."

"మరి కడమ బండ్లల్ల నాలుగు తిరగవా?"

"తిరుగుతయి గని, గవి ఊకెనే తిరుగుతయి. ఇండ్ల నాలుగింటినీ ఇంజనే తిప్పుతది."

గంగమణి చేట పక్కన పెట్టి, "సరే, తిప్పనీ" అని లోపలికి వెళ్లిపోయింది.

నెల తిరక్కుండానే ఊరంతా విద్యావంతమైంది. గ్రౌండ్ క్లియరెన్స్ అంటే బండి పొట్టకూ నేలకూ నడుమ ఉండే జాగా అని ముసలమ్మలు కూడా చెప్పగలిగారు. ఎంత లోతు నీళ్లలో ఏ బండి పోతుందో సెంటీమీటర్లతో సహా అప్పజెప్పేవాళ్లు తయారయ్యారు. కాలువలోకి నీళ్లు ఎప్పుడు వదులుతారో మాత్రం ఎవరికీ తెలియదు.

చివరికి చర్చ రెండు బండ్ల దగ్గర నిలిచింది. మొదటిదానికి ముందు రెండు సీట్లు, వెనక పొడుగాటి డబ్బా. డబ్బా తలుపులు మూడు వైపులా తెరుచుకుంటాయి, బస్తాలు ఎక్కించడం తేలిక. దాంట్లో ఉన్న లోపం ఒక్కటే, అందులో కూర్చున్న మనిషి పనికి పోతున్నట్టు కనిపిస్తాడు. రెండోదానికి ఐదు సీట్లు, ఎత్తయిన ముక్కు, వెనక అద్దంలా మెరిసే పొట్టి డబ్బా. అందులో కూర్చున్న మనిషి, ఎక్కడో తన పనులు ఎవరో చేస్తుంటే చూడటానికి పోతున్నట్టు కనిపిస్తాడు.

బాన్సువాడ బస్టాండు ఎదుటి హోటల్లో దీని మీద మూడు వారాలు చాయ్ తాగారు. తీర్పు చెప్పినవాడు రాజన్న. ఆయన మా మండల నాయకుడు. ఏ పార్టీ అని అడగవద్దు, ఆయనే ఇంకా నిర్ణయించుకోలేదు.

"నారాయణా, బండి ఏమి మోస్తదని కాదు చూసుడు," అన్నాడు రాజన్న. "నువ్వు దిగుతుంటే ఎందరు లేసి నిలవడ్తరు, గది చూసుకో."

బస్తాలకు లేచి నిలబడే శక్తి లేదు గనుక, వాటి పక్షాన వాదించేవారు లేకపోయారు.

నిజామాబాద్ షోరూంలో మేనేజర్ భార్యాభర్తలకూ అఖిలేశ్‌కూ చల్లటి నీళ్లిచ్చి, ఫారం తీశాడు.

"సర్, మీ లైఫ్ స్టైల్ ఎలా ఉంటుంది?"

వెంకటనారాయణ భార్య వైపు చూశాడు.

"పొద్దుగాల నాలుగింటికి లేస్తం," అన్నది గంగమణి. "బర్ల పాలు పిండుతం. సద్ది కట్టుకోని పొలం పోతం. పాములొస్తే కొడ్తం."

మేనేజర్ 'సాహసప్రియులు' అని రాసుకున్నాడు. తర్వాత, ఆఫ్‌రోడ్ ఎంత శాతం ఉంటుందని అడిగాడు. ఆఫ్‌రోడ్ అంటే రోడ్డు లేని చోట బండి నడపడమని అఖిలేశ్ మామ చెవిలో చెప్పాడు. వెంకటనారాయణ చాలాసేపు ఆలోచించాడు. మా ఊరి నుంచి బీర్కూర్ దాకా ఉన్నదాన్ని ఏ కోవలో చేర్చాలో ఆయనకు తేలలేదు. నూటికి నూరు అని రాయించాడు.

నడిపి చూసుకోవడానికి ఒక బండిని ఊరికి పంపించారు. వెంకటనారాయణ దాన్ని కాలువ కట్ట వైపు తిప్పబోగా, దాంతో వచ్చిన మేనేజర్ చటుక్కున స్టీరింగ్ మీద చేయి వేశాడు.

"అటు వద్దు సర్. బురదలోకి కంపెనీ ఒప్పుకోదు. బండి పాడవుతుంది."

"గిది బురదల పోయే బండే అంటిరి గద?" అన్నది వెనక సీట్లోంచి గంగమణి.

"పోతుంది మేడం. కొన్నాక పోతుంది."

ఇంత నిజాయితీగా సమాధానం చెప్పే సంస్థ దొరకడం అరుదని అఖిలేశ్ అన్నాడు. ఐదు సీట్ల బండే ఖాయమైంది.

మాఘమాసంలో ఒక మంచి రోజున బండి ఊళ్లోకి వచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, ముక్కు మీద పసుపు కుంకుమలు అద్దారు, ఫ్లెక్సీ కట్టారు. ఫ్లెక్సీలో వెంకటనారాయణ ముఖం బండి టైరులో సగం ఉంది. రాజన్న మైకు పట్టుకున్నాడు.

"సోదర సోదరీమణులారా! పికప్ అంటే ఏంది? లేపుడు. గీ బండి ఒక్క నారాయణను లేపుతదా? కాదు. ఊరును లేపుతది, మండలాన్ని లేపుతది, అవసరమైతే జిల్లాను కూడ లేపుతదని ఈ సందర్భంగా మనవి చేస్తున్న!"

అందరూ చప్పట్లు కొట్టారు. గంగమణి హారతి ఇచ్చి, పళ్లెం దించి, "రేపటిసంది ఎరువు తెద్దామా?" అని అడిగింది. శుభమా అని బండి వస్తే ఎరువు మాట ఏమిటని పెద్దలు ఆమెను సున్నితంగా మందలించారు.

ఎరువు రాలేదని కాదు. వచ్చింది. ముందు వెంకటనారాయణ పికప్‌లో బాన్సువాడ నుంచి వచ్చేవాడు, వెనక కిరాయి ట్రాలీ ఆటో యూరియా మోసుకుంటూ వచ్చేది. ఎరువులకు ఇంత గౌరవప్రదమైన ఊరేగింపు జిల్లాలో మరెక్కడా జరగలేదు. పికప్ వెనక డబ్బాకు రబ్బరు పరుపు వేయించేదాకా బస్తా పెట్టవద్దని అఖిలేశ్ చెప్పాడు, పెడితే గీతలు పడతాయట. ఆ పరుపు ఎక్కడి నుంచో రావాలి. అది వచ్చేదాకా బండి బిచ్కుందలో మూడు పెళ్లిళ్లకు, బాన్సువాడలో ఒక ర్యాలీకి, లెక్కలేనన్ని ఫొటోలకు సేవలందించింది.

ఒక్కసారి మాత్రం కూలీలను ఎక్కించుకుంది. తండా నుంచి జమ్లి తన జట్టు పన్నెండుగురు ఆడవాళ్లను తీసుకుని కలుపుకు వచ్చింది. చెప్పులు విప్పి ఎక్కమని వెంకటనారాయణ మర్యాదగానే కోరాడు. పన్నెండుగురూ చెప్పులు చేతుల్లో పట్టుకుని, పట్టుకోవడానికి ఇంకేమీ లేక ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డారు.

"పటేలా," అన్నది జమ్లి దిగుతూ, "గిది బండా, గుడా?"

మర్నాటి నుంచి వాళ్లు నడిచే వచ్చారు.

ఎండాకాలంలో యాసంగి వరి కోసిన ఆదివారం అది. పొలం పక్క కల్లంలో నూట ఇరవై బస్తాలు కట్టి పెట్టారు. ట్రాక్టర్లన్నీ ఎవరి వడ్ల దగ్గర వాళ్లవి ఉన్నాయి, ఎంత బతిమాలినా సాయంత్రం దాకా రామన్నారు. మధ్యాహ్నం మూడింటికి నిజాంసాగర్ వైపు మబ్బు నల్లగా లేచింది. ఒక జల్లు పడనే పడింది. కల్లం దగ్గరున్న జమ్లి ఫోన్ చేసింది.

"అక్కా, మొగులు మస్తుగైంది. టార్పాలిన్లు పంపుతున్నరా లేదా? వడ్లు నానుతయి!"

గంగమణి కొట్టంలో చూసింది, దొడ్లో చూసింది, వాకిట్లోకి వచ్చింది. రెండు టార్పాలిన్లూ పికప్ మీద ఉన్నాయి. రాళ్లవాన పడితే అద్దం పగులుతుందని వెంకటనారాయణ ఒకటి పైన, ఒకటి ముందు కప్పి, నాలుగు వైపులా తాళ్లు బిగించి, చివరి ముడి వేస్తున్నాడు. ఆమె వెళ్లి మొదటి ముడి విప్పింది.

"ఏం చేస్తున్నవ్? అద్దం పల్గుతది!"

"వడ్లు తింటమా, అద్దం తింటమా?"

"ట్రాక్టరొస్తదే, జెర ఆగు..."

"తాళం దే. నువ్వు తోల్తవా, నేను తోలాల్నా?"

"నీకు రాదు గద."

"బురదల తోలుడు నీకొచ్చినంత నాకొస్తది. నువ్వెన్నడన్న తోలినవా?"

ఈ ప్రశ్నకు అరవై మూడు వీడియోల్లో ఎక్కడా జవాబు లేదు. వెంకటనారాయణ తాళం తీసుకుని ఎక్కాడు, గంగమణి టార్పాలిన్లు వెనక పడేసి పక్కన కూర్చుంది. ఆదివారం కనుక ఊళ్లోనే ఉన్న అఖిలేశ్ ఒక చేత గొడుగు, ఒక చేత ఫోను పట్టుకుని వెనక డబ్బాలోకి ఎక్కాడు. కాలువ కట్ట మొదట్లో బండి ఆగింది. ఎదురుగా నల్ల బురద, ఎడమ పక్క కాలువ, కుడి పక్క తుమ్మకంపలు. నాలుగు చక్రాలనూ తిప్పించే మీట మీద ప్లాస్టిక్ కాగితం ఇంకా అలాగే ఉంది. వెంకటనారాయణ దాన్ని చింపేసి, మీట తిప్పాడు.

బండి ఒక మూర కాలువ వైపు జారింది. గంగమణి కళ్లు మూసుకుంది. చక్రాలు నాలుగూ ఒకేసారి నేలను పట్టుకున్నాయి. బండి కదిలింది. న్యాయంగా చెప్పాలంటే, చాలా మంచి బండి. నాలుగు నెలలు మేధావులు చెప్పిందంతా నిజమే.

కల్లం దగ్గర మొదటి బస్తా డబ్బాలో పడ్డప్పుడు వెంకటనారాయణ ముఖం తిప్పుకున్నాడు. తుమ్మకంపలు పక్క తలుపును గీకుతుంటే ఆ చప్పుడు తన వీపు మీదే అయినట్టు ముడుచుకున్నాడు. మూడో విడతకు ఆ చప్పుడు వినిపించడం మానేసింది. వాన జోరందుకుంది. మిగిలిన బస్తాల మీద టార్పాలిన్లు పట్టుకుని జమ్లి జట్టు నిలబడింది. చివరి విడత బస్తాలతో పాటు కూలీలను కూడా ఎక్కమన్నారు. మోకాళ్ల దాకా బురదతో ఉన్న జమ్లి ఒక కాలు పైకెత్తి ఆగింది.

"చెప్పులిడువాల్నా పటేలా?"

"ఎక్కు తల్లీ, జల్ది ఎక్కు!" అని వెంకటనారాయణ అరిచాడు. అరిచి, పెద్దగా నవ్వాడు. బండి కొన్న రోజు కూడా ఆయన అంతగా నవ్వలేదని గంగమణి ఇప్పటికీ చెబుతుంది. ఆరు విడతలు తిరిగితే, నూట ఇరవైలో తడిసినవి నాలుగు బస్తాలు.

మర్నాడు ఊరంతా పరామర్శకు వచ్చింది. తలుపు మీది గీతలను చూసి పెద్దలు నిట్టూర్చారు. రాజన్న వచ్చి వెంకటనారాయణ భుజం మీద చేయి వేసి, ధైర్యంగా ఉండమన్నాడు. వడ్ల సంగతి ఎవరూ అడగలేదు. వడ్లు దక్కాయని వెంకటనారాయణే సంతోషంగా చెప్పబోతే, పాపం దిగులుతో ఏదేదో మాట్లాడుతున్నాడని అనుకున్నారు.

పక్క పొలాల వాళ్లకు అలాంటి బండి లేదు. వాళ్ల వడ్లు తడిసి మొలకలొచ్చాయి. అది చూశాక వెంకటనారాయణకు అన్నం సహించలేదు. ఆ వారమే ఇంటింటికీ తిరిగి, కాలువ కట్ట మీద మొరం పోయించమని దరఖాస్తు రాయించాడు. మొదటి సంతకం తనది, రెండో సంతకం గంగమణిది, జమ్లి వేలిముద్ర వేసింది. మొత్తం అరవై ఒక్క మంది.

సంబంధిత శాఖ నుంచి పది రోజుల్లోనే జవాబు వచ్చింది. ఇంత త్వరగా రావడం మా ఊరి అనుభవంలో లేదు గనుక, కవరు విప్పకముందే మిఠాయి పంచారు. అందులో ఇలా ఉంది:

"పై విషయమై పరిశీలించగా, సదరు కట్ట మీదుగా భారీ వర్షంలో సైతం ఒక వాహనం పూర్తి లోడుతో ఆరు పర్యాయాలు నిరాటంకంగా రాకపోకలు సాగించినట్లు, అఖిలేశ్ అను వ్యక్తి చిత్రీకరించి ప్రజలకు విడుదల చేసిన వీడియో ద్వారా రుజువగుచున్నది. కావున దారి భేషుగ్గా ఉన్నట్లు నిర్ధారించి, ఫైలు మూసివేయడమైనది. దరఖాస్తుదారులు అరవై ఒక్క మంది కాగా, సదరు దారి పట్ల నలభై రెండు వేల మంది హర్షం వ్యక్తం చేసినట్లు వీడియో కింద నమోదై ఉన్నది. మెజారిటీ ప్రజాభిప్రాయాన్ని గౌరవించడం ఈ కార్యాలయపు విధి."

ఆ నలభై రెండు వేల మంది ఎవరో తెలుసుకోవాలని మా ఊరివాళ్లు ప్రయత్నిస్తున్నారు. దయచేసి తమరు కూడా ఒకసారి తమ బొటనవేలును విచారించగలరు.