పేరు లేని గిటారు మీద ఒక ఫైలు

మనిషి తలకు రెండు పక్కలా చెవులు చాలాకాలంగా ఉన్నప్పటికీ, ఆఫీసు వ్యవహారాల్లో వాటిని లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్న సంగతి మీద పెద్దలెవరూ ఇటీవలి దాకా ఒక నిర్ణయానికి రాలేదు. నగర నీటి సరఫరా శాఖ ఆ లోటు తీర్చింది. కొనుగోళ్ల విభాగం జారీ చేసిన పదిహేడో నంబరు సర్క్యులర్‌లో నాలుగో పేరా ఇలా ఉంది: "చూసినదానిని చూసినట్టు నమోదు చేయవచ్చును. విన్నది ఆధారం కాదు." దీనికింద ముగ్గురు అధికారులు సంతకాలు చేశారు. (నాలుగో ఆయన సంతకం చేయాలన్న సంగతి ఫోన్లో విన్నాడు. అందుకని చేయలేదు.)

ఈ సర్క్యులర్ వల్ల అందరికంటే ముందు దెబ్బతిన్న మనిషి చెవుల మీదే బతికే మనిషి. శాఖలో చిన్నాపెద్దా అందరూ ఆమెను లీకులక్క అంటారు. ఆమె ఉద్యోగం రోడ్ల మీద. ఒక చివర చిన్న గిన్నెలాంటిది బిగించిన ఇనపకడ్డీని నేలకు ఆనించి, గిన్నెను చెవికి ఆనించి, భూమి లోపల పైపు ఎక్కడ కారుతోందో విని చెప్పాలి. ఇరవై రెండేళ్లుగా ఆమె సుద్దముక్కతో గీత గీసిన చోటల్లా రోడ్డు తవ్వేస్తున్నారు. ఎందుకు అని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. ఇంట్లో ఆమె భర్త మాత్రం, చాటుగా గొణుక్కునే హక్కు పెళ్లయిన వారానికే పోయిందని అప్పుడప్పుడూ గొణుగుతుంటాడు. అదీ ఆమెకు వినిపిస్తూనే ఉంటుంది.

శాఖకు ఒక వాద్యబృందం ఉంది. ఏడాదికి ఒక్కసారి, వార్షికోత్సవం నాడు వాయిస్తుంది. క్యాషియర్ కీబోర్డు వాయిస్తూ పాడతాడు. (ఆయన గొంతు బాగుంటుందని ఆయన చెప్పాడు.) మీటర్ రీడర్ డ్రమ్ములు కొడతాడు. లీకులక్క మంద్రస్వరాలు పలికే బేస్ గిటారు వాయిస్తుంది. ఏడాది పొడవునా ఎక్కడో ఎవరికీ కనిపించకుండా కారే నీళ్లను వినడమే పనిగా ఉన్న మనిషికి, తానే ఒక శబ్దం చేసి నలుగురికీ వినిపించే అవకాశం ఆ ఒక్క సాయంత్రమే దొరుకుతుంది. దానికోసం ఆమె ప్రాణం పెడుతుంది. ఈ మాటలో వెటకారం ఏమీ లేదు.

ఈ ఏడు పాత గిటారు పాడైపోయింది. దాన్ని దాచే స్టోరు గది కప్పులోంచి నీళ్లు కారి, చెక్క ఉబ్బి, గిటారు మెడ వంకర తిరిగింది. అక్కడ పైపు కారుతోందని లీకులక్క మూడుసార్లు కాగితం పెట్టింది. ఆఫీసు భవనం లోపలి పైపులు భవనాల శాఖకు చెందుతాయి కాబట్టి, అవి కారడం నీటి శాఖ దృష్టికి రాదని మూడుసార్లూ జవాబొచ్చింది. మొత్తానికి కొత్త గిటారు కొనడానికి అనుమతి మాత్రం వచ్చింది.

ఇక్కడ ఒక చిక్కుంది. రెండేళ్ల కిందట మ్యాన్‌హోల్ మూత ఒకటి లీకులక్క ఎడమచేతి మీద పడింది. అప్పటినుంచీ ఉంగరపు వేలూ చిటికెన వేలూ పూర్తిగా ముడుచుకోవు. గిటారు మెడ లావుగా ఉంటే ఆ చెయ్యి చుట్టూ తిరగదు. ఈ సంగతి కనిపెట్టిన క్యాషియర్ ఒకరోజు ఆప్యాయంగా దగ్గరికొచ్చాడు.

"అక్కా, నీకు పట్టుబడకపోతే చెప్పెయ్, మొహమాటపడకు. నా కీబోర్డులో ఒక బటన్ ఉంది. నొక్కితే బేస్ దానంతటదే వచ్చేస్తుంది. దానికి రిహార్సల్లో టీ కూడా ఇవ్వక్కర్లేదు."

అంటే చేతికి సరిపడే గిటారు దొరికితే వేదిక మీద లీకులక్క, దొరక్కపోతే ఆమె స్థానంలో ఒక బటన్.

ఆమె వాద్యాల దుకాణానికి వెళ్లింది. దుకాణంలో పేరున్న కంపెనీ గిటారును గాజు అద్దాల వెనక, ప్రత్యేకంగా దీపం పెట్టి నిలబెట్టారు. సేల్స్‌మన్ దాన్ని తీసి ఆమె ఒళ్లో పెట్టేటప్పుడు రెండు చేతులూ వాడాడు, గొంతు కూడా తగ్గించాడు.

"పేరు చూశారా మేడమ్?"

"చూశాను. పేరు చివరిదాకా చదివేలోపే చెయ్యి పీకింది."

"మొదట్లో అలాగే ఉంటుంది మేడమ్. దీనికి మనమే అలవాటు పడాలి."

లీకులక్క దాన్ని జాగ్రత్తగా వెనక్కి ఇచ్చేసి, దుకాణం వెనకనున్న రిపేరు గదిలోకి నడిచింది. అక్కడ రిపేరు బాబాయి ముక్కు మీద కళ్లద్దాలతో ఏదో తీగ బిగిస్తున్నాడు. మూలన గోడకు ఒక గోధుమరంగు బేస్ గిటారు ఆనించి ఉంది. విరిగిపోయిన మూడు గిటార్లలో బాగున్న ముక్కలు ఏరి ఆయనే కట్టాడట. తల భాగంలో కంపెనీ పేరు ఉండాల్సిన చోట చెక్క తప్ప ఏమీ లేదు. మెడ మాత్రం సన్నగా, అరచేతిలో ఇట్టే ఇమిడిపోయింది. ముడుచుకోని వేళ్లు రెండూ చెప్పకుండానే వాటి చోటికి వెళ్లాయి.

ఆమె దాన్ని యాంప్లిఫయర్‌కి తగిలించమని అడగలేదు. వంగి, దవడ ఎముకను గిటారు చెక్కకు ఆనించి, లావు తీగ ఒక్కసారి మీటింది. ఆ శబ్దం దవడలోంచి దిగి, మెడ వెనకగా పోయి, కూర్చున్న స్టూలులోకి చేరింది. మధ్యలో ఎక్కడా పలచబడలేదు. ఇంకోసారి మీటి, అది పూర్తిగా ఆగిపోయేదాకా కళ్లు మూసుకుని ఉండిపోయింది.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు బాబాయి.

"ఎక్కడా కారట్లేదు, బాబాయ్."

ఇరవై రెండేళ్లలో ఆమె ఏ వస్తువునూ ఇంతగా పొగడలేదు.

మర్నాడు కొనుగోళ్ల అధికారి ముందు కూర్చుంది. ఆయన పెద్దమనిషి. బల్ల మీద పెన్నూ స్టాంపూ కళ్లజోడూ ఒకే వరసలో ఉంటాయి. జీవితంలో ఎవరికీ అన్యాయం చేయలేదు, ఎందుకంటే ఫారం లేకుండా ఆయన ఏమీ చేయడు. శాఖ యాప్‌లో గిటారు కోసం ప్రత్యేకంగా ఫారం లేకపోవడంతో పంపుల ఫారమే తెరిచారు. నిమిషానికి ఎన్ని లీటర్లు అన్నచోట సున్నా వేశారు. పీడనం అన్నచోట "వేళ్లది" అని రాశారు. బ్రాండ్ గడి దగ్గర ఆగిపోయారు. అందులో మూడు పంపుల కంపెనీలూ, కొత్తగా చేర్చిన పేరున్న గిటారు కంపెనీ ఒకటీ ఉన్నాయి.

"ఖాళీగా వదిలేస్తే?" అంది లీకులక్క.

"యాప్ ముందుకు కదలదమ్మా."

"ఏదో ఒక పేరు నొక్కేస్తే?"

"అది అబద్ధమవుతుంది. నా సర్వీసులో అలాంటివి లేవు."

"పేరు లేదు అని రాయండి సార్. అది నిజమే కదా?"

"నిజమేనమ్మా. నేను కాదనట్లేదు. కానీ నిజానికి గడి లేదు."

ఆయన తలప్రాణం తోకకొచ్చి, చివరికి ముగ్గురితో శబ్ద నిర్ధారణ ఉపసంఘం వేశాడు. అధ్యక్షుడు తానే. సభ్యులు క్యాషియరూ, పంపుల ఇంజనీరూ. (ఫారం పంపులది కాబట్టి ఇంజనీరు లేకుండా కుదరదు.) రెండు గిటార్లనూ తెప్పించి, పేర్లు కనిపించకుండా తలల మీద నల్ల టేపు చుట్టి, శబ్దాన్ని బట్టి మార్కులు వేయాలన్నారు. ఇంత న్యాయమైన ఆలోచన ఆ భవనంలో పుట్టినందుకు అందరూ ముక్కున వేలేసుకున్నారు.

పరీక్ష రోజున యాంప్లిఫయర్ రాలేదు. దాని ఫైలు విద్యుత్ విభాగంలో ఉంది. యాంప్లిఫయర్ లేకపోతే బేస్ గిటారు శబ్దం బల్ల అవతలి దాకా కూడా రాదు. అయినా తేదీ నోటీసులో పడింది కాబట్టి పరీక్ష జరిగింది. లీకులక్క రెండు గిటార్లూ వాయించింది. సభ్యులు గుడ్లప్పగించి చూశారు. క్యాషియర్ మొదటిదానికి పదికి తొమ్మిది వేసి, కారణం అన్నచోట "హుందాతనం" అని రాశాడు. ఇంజనీరు రెండింటికీ సమానంగా వేశాడు, ఏదీ నీళ్లు కార్చలేదు కాబట్టి.

అధ్యక్షుడు మాత్రం పెన్ను పట్టుకుని నీళ్లు నమిలాడు. "ఏమీ వినిపించలేదమ్మా. వినిపించనిదానికి మార్కులెలా వేయను?"

లీకులక్క సంచిలోంచి తన ఇనపకడ్డీ తీసింది. కొసను గిటారు చెక్కకు ఆనించి, గిన్నె చివరను ఆయన చెవి దగ్గర పెట్టి, "ఇలా వినండి సార్" అంది. ముందు మొదటి గిటారు మీటింది. ఆయన తలూపాడు. తర్వాత రెండోది. ఆయన తలూపలేదు. కళ్లజోడు తీసి బల్ల మీద వరస తప్పించి పెట్టేశాడు.

"ఇంకోసారి వాయించమ్మా."

వాయించింది.

"ఏంటిది? ఛాతీ లోపల ఎవరో తలుపు తీసినట్టుంది."

ఇంకా రెండుసార్లు వాయించమన్నాడు. తర్వాత నిజాయితీగా రెండో గిటారుకు పదికి పది వేశాడు. మొత్తం మార్కుల్లో అదే గెలిచింది. లీకులక్కకు కళ్లలో నీళ్లు తిరిగాయి. టేపు ఊడదీశారు. మొదటిదాని తల మీద పేరు మెరిసింది. రెండోదాని తల మీద ఏమీ లేదు.

ఉపసంఘం గంటసేపు చర్చించింది. ముందుగా లేచింది క్యాషియర్. "పరీక్ష ఉద్దేశం పేరు దాచడం కదా సార్. రెండోదానికి దాచడానికి పేరే లేదాయె. దాని మీద చుట్టిన టేపు దేన్ని దాచినట్టు? పరీక్ష నియమం దానికి వర్తించనే లేదు." ఈ వాదనలో తప్పు పట్టుకోలేక ఇంజనీరు చేతులెత్తేశాడు. రెండో గిటారుకు వచ్చిన మార్కులు, అది పరీక్షకు హాజరు కాలేదు గనక, రద్దయ్యాయి. అధ్యక్షుడు పదిహేడో సర్క్యులర్ నాలుగో పేరాను మూడుసార్లు చదువుకుని, ఆమె మొహం చూడకుండా సంతకం పెట్టాడు.

పేరున్న గిటారు ఊరేగింపులా వచ్చింది. లీకులక్క దాని మెడ పట్టుకోబోయింది, పట్టు కుదరలేదు. క్యాషియర్ కీబోర్డు మీద ఆ బటన్ని గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. ఆ రోజు ఆమె ఇంటికి వెళ్లింది. వంటింట్లో కుళాయి కారుతోంది. ఆమె పట్టించుకోలేదు. చెవులు సరిగా వినపడని అత్తగారే చూసి, లేచి కట్టేసి, "ఇవాళ నీకూ చెవులు పనిచేయట్లేదేమే?" అంది.

వార్షికోత్సవానికి రెండు రోజుల ముందు కొనుగోళ్ల అధికారి ఆమెను పిలిపించాడు. తలుపు వేసి, గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఆ శబ్దం నన్ను వదలట్లేదు. రూల్సన్నీ తిరగేశాను. వేదిక మీద శాఖ కొన్న వస్తువే కనిపించాలి. సరే. కానీ శబ్దం ఎక్కణ్నుంచి రావాలో ఎక్కడా రాయలేదు. విన్నది ఆధారం కాదన్నారు కదా. ఆధారమే కానిదానికి అనుమతి మాత్రం ఎందుకు? నువ్వు తెర వెనక కూర్చుని ఆ పేరు లేనిది వాయించు. ముందు శాఖ గిటారు పట్టుకుని నేను నిలబడతాను."

"మీరా సార్?"

"ఫారం మీద సంతకం నాదే కదమ్మా."

ఆమెకు ఒళ్లు మండింది, కానీ బటన్ గుర్తొచ్చి ఒప్పుకుంది. రిపేరు బాబాయి గిటారును చేతిలో పెట్టి, "తీసుకెళ్లు తల్లీ, వాయించేవాళ్లు లేకనే మూలన పడుంది" అన్నాడు.

ఆ సాయంత్రం హాలు నిండిపోయింది. యాంప్లిఫయర్ ఫైలు కూడా కదిలి వచ్చింది. లీకులక్క తెర వెనక, చీపుర్ల పక్కన, మడతకుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుంది. లావు తీగ మీటగానే హాల్లో గుసగుసలు ఆగిపోయాయి. ముందు వరస కుర్చీలు సన్నగా అదిరాయి. క్యాషియర్ తన గొంతే ఇంత బాగుందనుకుని రెట్టించిన ఉత్సాహంతో పాడాడు. వేదిక మీద కొనుగోళ్ల అధికారి పేరున్న గిటారు మీద, తీగలకు తగలకుండా, అత్యంత శ్రద్ధగా వేళ్లు ఆడించాడు.

శాఖాధిపతి లేచి, "పేరున్న వస్తువంటే ఇలా ఉంటుంది" అన్నాడు. అక్కడికొచ్చిన మిగతా శాఖల పెద్దలు ఆ కంపెనీ పేరు రాసుకున్నారు. కొనుగోళ్ల అధికారికి జ్ఞాపిక ఇచ్చారు. ఆయన ఒకసారి తెర వైపు చూశాడు. తర్వాత జ్ఞాపికను రెండు చేతులా అందుకున్నాడు.

ఇంటికొచ్చాక అత్తగారు నిలదీసింది. "అంతసేపు చూశాను, నువ్వు కనిపించనే లేదేమే?"

"వినిపించానా అత్తయ్యా?"

"నాకు వినపడేదెక్కడ? కుర్చీ మాత్రం కింద నుంచి అదిరింది, ఒళ్లు జల్లుమంది."

"అది నేనే."

ముసలావిడ కోడలి ముడుచుకోని వేళ్లను తన అరచేతుల్లోకి తీసుకుని చాలాసేపు వదల్లేదు.

సోమవారం లీకులక్క బల్ల మీద మెమో ఉంది. వార్షికోత్సవం నాడు ఆమెను వేదిక మీద చూసినవారు ఎవరూ లేరు గనక, విధులకు గైర్హాజరు అయినట్టు భావిస్తూ సంజాయిషీ కోరారు. ఆమె ఒకే వాక్యం రాసిచ్చింది: "ఆ సాయంత్రం నన్ను నాలుగు వందల మంది విన్నారు."

మధ్యాహ్నానికి కాగితం తిరిగొచ్చింది. విన్నది ఆధారం కాదని నాలుగో పేరా ఉటంకించి, ఒక రోజు సెలవు కోత పెట్టి, కొనుగోళ్ల అధికారి తన చక్కని అక్షరాలతో సంతకం చేశాడు. అదే కాగితం అడుగున ఇంకొక ఆదేశం ఉంది. పెద్ద రోడ్డు కింద పైపు కారుతున్నట్టు అనుమానంగా ఉన్నది గనక, రేపు ఉదయం ఆమె వచ్చి విని, ఎక్కడ తవ్వమంటే అక్కడ తవ్వబడును.