ముందు చక్రానికి పూనకం

మిన్నెసోటా మొత్తానికి పనిచేసే మెదడు ఒక్కటే ఉందనీ, అది తన టోపీ కిందే ఉందనీ వెండెల్ క్విస్ట్ ఆ శుక్రవారం పొద్దున ప్రకటించాడు. విన్నవాడు ఒక్కడే. ఊరి రన్‌వే పక్క షెడ్డులో, విమానం ముక్కు కింద వెల్లకిలా పడుకున్న ఆర్లెన్.

"లే ఆర్లెన్! నేనొచ్చాను. ఇక నేరస్థుడికి నిద్ర ఉండదు."

"నేరమేంట్రా? చక్రం ఊగుతోంది. అంతే."

"చక్రం దానంతటది ఊగదు. ఊపేవాడుంటాడు."

వడగళ్ళ వానకి పాడైన మొక్కజొన్న చేలకు నష్టం లెక్కకట్టే ఉద్యోగం చేసి దిగిపోయాడు వెండెల్. పొలమంతా తిరిగి, భూతద్దం పెట్టి చూసి, చివరికి పడినవి వడగళ్ళేనని తేల్చిన ఘనుడు. అప్పట్నుంచీ తనను తాను డిటెక్టివ్ అనుకుంటున్నాడు. ఆర్లెన్ ఖర్మ కాలి అతనికి చిన్ననాటి స్నేహితుడయ్యాడు.

ఆర్లెన్ గొట్టాల పని చేసేవాడు. తొమ్మిదేళ్ళు తన గరాజులో కూర్చుని, ఇద్దరు పట్టే విమానం చేతులతో కట్టుకున్నాడు. గాల్లో అది బంగారం. నేలకి దిగాకే దాని అసలు బుద్ధి బయటపడేది. ముందు చక్రం నేలకి తగిలి వేగం తగ్గుతుంటే, సామాన్ల కొట్లో తోపుడుబండి చక్రంలాగా అటూ ఇటూ కొట్టుకునేది. పూనకం వచ్చినట్టు విమానమంతా ఊగిపోయేది.

ఆర్లెన్ భార్య మార్లిస్ ఒకసారి ఎక్కింది. దిగాక పళ్ళన్నీ ఉన్నాయా లేదా అని నాలికతో తడిమి చూసుకుంది.

"నీ విమానం కోసం తొమ్మిది చలికాలాలు నా కారు మంచులో నిలబెట్టా. రోజూ పొద్దున్నే అద్దం గీక్కున్నా. ఆదివారం ఇంకొక్కసారి ఎక్కుతా. మళ్ళీ పళ్ళు కొట్టుకున్నాయో, దీన్ని అమ్మేస్తావు."

మార్లిస్ ఒకసారి అంటే అన్నట్టే. అందుకే ఆర్లెన్‌కి రెండు రోజులుగా ముద్ద దిగడంలేదు.

"గాలి చూశా. చక్రం తూకం చూశా. బేరింగు చూశా," అన్నాడు ఆర్లెన్ లేచి. "ఇక మిగిలింది చక్రం ఊగకుండా బిగించే ఈ నట్టు. కాటా కొక్కెం చక్రానికి తగిలించి పక్కకి లాగితే, ఇరవై అయిదు పౌన్ల దగ్గర గానీ చక్రం తిరగకూడదు. నిన్న సరిగ్గా ఇరవై అయిదుకి బిగించా. ఇవాళ పరిగెత్తిస్తే మళ్ళీ అదే పూనకం."

"అంటే మధ్యలో ఎవడో వచ్చి వదులు చేశాడు!"

"నట్టుకి పెట్టిన పిన్ను పెట్టినట్టే ఉందిరా."

"చూశావా, పిన్ను మళ్ళీ పెట్టి మరీ వెళ్ళాడు. ఆనవాలు లేకపోవడమే పెద్ద ఆనవాలు!"

అప్పుడే పక్క షెడ్డులోంచి డెల్మర్ కాఫీ ఫ్లాస్కు పట్టుకుని వచ్చాడు. డెల్మర్ విమానం పాతకాలంది. దాని చిన్న చక్రం తోక కింద ఉంటుంది. ముందు చక్రమున్న విమానాలు ముసలమ్మలు తొక్కే మూడుచక్రాల సైకిళ్ళని అతని ఉద్దేశం. పోయినేడు ఊరి చేపల పోటీలో కప్పు కొట్టినవాడూ అతనే. ఆర్లెన్ వాడుతున్న స్ప్రింగు కాటా అతను అరువిచ్చిందే.

వెండెల్ కళ్ళు చికిలించాడు. "నిన్న సాయంత్రం ఎక్కడున్నావు?"

"చెరువులో, పడవ మీద."

"సాక్షులు?"

"చేపలు."

"వాటి పేర్లు చెప్పు. రాసుకుంటా."

"ఆర్లెన్, వీడికి ఎండదెబ్బ తగిలిందా?" అన్నాడు డెల్మర్. నవ్వాడు గానీ ఆ నవ్వు పెదాలు దాటలేదు. ఆర్లెన్‌కి అది నచ్చలేదు. పాతికేళ్ళుగా కలిసి కాఫీ తాగుతున్న మనిషి వంక మొదటిసారి ఓరగా చూశాడు.

ఆ సాయంత్రం వెండెల్ ఆర్లెన్ షెడ్డులో నేలంతా గోధుమపిండి చల్లాడు. శనివారం పొద్దున తలుపు తీస్తే పిండిలో బూటు గుర్తులు! వెండెల్ మోకాళ్ళ మీద పాకుతూ భూతద్దంలోంచి చూశాడు.

"పెద్ద పాదం. ఎడమ మడమ అరిగింది. కుంటివాడు. కాకపోతే కుంటివాడిలా నటించే గుంటనక్క."

"అవి నీ బూట్లురా. పిండి చల్లి తలుపు దాకా నడిచింది నువ్వేగా!"

వెండెల్ తన బూటు అడుగు చూసుకున్నాడు. తడబడలేదు. "నా బూట్లు కాజేశాడన్నమాట."

"నీ కాళ్ళకే ఉన్నాయిగా!"

"తిరిగి తొడిగి వెళ్ళాడు. ఘటికుడు!"

డెల్మర్ గుమ్మంలో నిలబడి అంతా చూస్తున్నాడు. ఇవాళ నవ్వలేదు కూడా. ఆర్లెన్ మళ్ళీ విమానం కిందికి దూరాడు. రేపే ఆదివారం.

వెండెల్ కారులోంచి ఇంకో పిండి సంచి తెచ్చాడు, విప్పనిది. ఈసారి గోడలకి కూడా పూస్తాడట. బల్ల మీద పెడదామంటే పనిముట్లతో చోటు లేదు. దూలానికి కాటా వేలాడుతోంది. సంచి మూతి తాడు దాని కొక్కానికి తగిలించబోయాడు.

"అక్కడ వద్దు!" అని అరిచాడు డెల్మర్.

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆ కేక. కానీ వెండెల్ దాన్ని పట్టించుకుంటేనా! తగిలించాడు. ముల్లు చూసి ఎగిరి గంతేశాడు.

"దొరికింది! కొట్టువాడు పరమ మోసగాడు! సంచి మీద పది పౌన్లని అచ్చేసి, పదిహేను పౌన్లు అమ్ముతున్నాడు!"

ఆర్లెన్ బయటికొచ్చాడు. సంచి మీది అచ్చు చూశాడు. ముల్లు చూశాడు. తర్వాత డెల్మర్‌ని చూశాడు. డెల్మర్ నేల మీది పిండి చూస్తున్నాడు.

"డెల్మర్."

"ఊ."

"నీకు కప్పు తెచ్చిన చేప ఎంత తూగింది?"

"పన్నెండు."

"ఈ కాటా మీదేనా?"

డెల్మర్ గొంతు సవరించుకున్నాడు. "స్ప్రింగు కొంచెం మెత్తబరిచా. ఎనిమిది పౌన్లు కూడా మంచి చేపేరా!"

"అంటే నేను ఇరవై అయిదని బిగించింది పదహారో పదిహేడో అన్నమాట. వదులుగా ఉండక చస్తుందా? చెప్పొచ్చుగా!"

"చెబితే నా కప్పు పోతుంది. చెప్పకపోతే నీ విమానం పోతుంది. ఎటూ తేల్చుకోలేక వెళ్ళి చేపలు పట్టుకుంటూ కూర్చున్నా."

ఆర్లెన్ చేతిలో పానా ఉంది. ఒక క్షణం దాన్ని దేనికి వాడాలో అతనికి తేలలేదు. చివరికి డెల్మర్ చేతిలో పెట్టాడు. "పట్టు. కొట్టుకెళ్ళి నిజాయితీ ఉన్న కాటా కొనుక్కొస్తా. బిగించేది నువ్వే."

"ఒక్క నిమిషం," అన్నాడు వెండెల్. "మరి ఆ కొట్టువాణ్ణి ఎప్పుడు అరెస్టు చేద్దాం?"

ఆదివారం గాలి లేదు. ఆర్లెన్ విమానాన్ని పువ్వులా దించాడు. వెనక చక్రాలు తగిలాయి. ముక్కు మెల్లగా వాలింది. పక్కన మార్లిస్ కళ్ళు మూసుకుని, దవడ రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. వేగం తగ్గింది. ఇంకా తగ్గింది. ఎప్పుడూ పూనకం వచ్చే చోటు దాటిపోయింది. విమానం నెమ్మదిగా పోయి బాట చివర ఆగింది.

మార్లిస్ ఒక చెయ్యి తీసింది. తర్వాత రెండోది.

"ఏం, ఆపేశావేం?"

"అయిపోయింది. దిగాం."

"మళ్ళీ తీసుకెళ్ళు. ఈసారి కళ్ళు తెరుచుకుని కూర్చుంటా."

బాట పక్కన గడ్డిలో నిలబడ్డ ఇద్దరికీ ఈ మాటలు వినపడలేదు. విమానం షెడ్డు వైపు రాకుండా వెనక్కి తిరిగి, పరుగెత్తి, మళ్ళీ గాల్లోకి లేవడం మాత్రం కనపడింది. డెల్మర్ టోపీ తీసి ఊపాడు.

వెండెల్ భూతద్దం బయటికి తీసి, దాంట్లోంచి ఆకాశం చూశాడు.

"నాకు మొదట్నుంచీ ఆవిడ మీదే అనుమానం," అన్నాడు. "చూడు, ఎలా పారిపోతోందో!"