తొమ్మిది తడిగుడ్డల తరుగు

ఆ మంగళవారం పొద్దున సాంబయ్య వేసుకున్న పథకంలో ఎక్కడా లోపం లేదు. ఏడున్నరకు మనవరాలిని ఇంట్లోనే ఒకసారి తూచాలి. తొమ్మిదింటికి తల్లినీ పిల్లనూ సబ్‌సెంటర్‌కు తీసుకుపోవాలి. పదింటికల్లా ఇంటికొచ్చి చాయ్ తాగాలి. ముప్పై ఒక్క ఏళ్లు పత్తి సేటు దగ్గర దడువాయిగా, అంటే రైతు తెచ్చిన సరుకును కాంట మీద తూచే మనిషిగా బతికినవాడికి రెండు నెలల పసిపిల్లను తూచడం ఎంత పని?

పని చిన్నదే కాని, దాని మీద కూతురి ప్రాణమంతా వేలాడుతోంది. కాన్పుకు బచ్చన్నపేటకు పుట్టింటికి వచ్చిన యమునకు, పదిహేను రోజుల కిందట నర్సు దీప ఒక మాట చెప్పింది. "పాప మూడు కిలోల తొమ్మిదొందలుంది. జర నెమ్మదిగ పెరుగుతుంది. పరేషాన్ గాకు. అడిగినప్పుడల్ల నీ పాలే ఇయ్యి. డబ్బా వద్దు, నీళ్లు సుత వద్దు. పదిహేను రోజులకు మళ్ల తూద్దాం."

యమున చెవిలో పడింది 'నెమ్మదిగ' అన్న మాట ఒక్కటే. లింగాల ఘనపూర్‌లో ఉన్న అత్త కొమురమ్మ చెవిలోనూ అదే పడింది. "పదిహేను రోజులు జూస్త. అప్పటికి సుత పెరగకుంటే డబ్బా పాలు పెట్టాల్సిందే" అని ఫోనులోనే తీర్పు చెప్పేసింది. ఆనాటి నుంచి యమున పాపకు పాలిచ్చి లేచిన ప్రతిసారీ తన రొమ్ముల వంక దొంగను చూసినట్టు చూసుకుంటోంది. మూడు రోజుల కిందట వంటింట్లో నిలబడి, "నా దగ్గర పాలు లేవేమో అవ్వా" అని తల్లితో అనడం సాంబయ్య విన్నాడు. అప్పుడే అనుకున్నాడు, కాంట తీయాలని.

అటుక మీద గోనెసంచిలో చుట్టి పెట్టిన కాంటను దించాడు. మిరపకాయల శాంపిల్ తూచే పదికిలోల కొండి కాంట. పని మానేసిన రోజు తోటి హమాలీలు గుర్తుగా ఇచ్చింది. నూనె చుక్క వేసి కొండిని ఆడిస్తే కిర్రుమంది. ఆ చప్పుడుకు సాంబయ్యకు ఒక్కసారిగా పత్తి వాసన వచ్చింది. చలికాలం పొద్దున మంచులో బండ్ల బారు, కనుబొమల మీద పేరుకున్న దూది, చీకటి విడవకముందే మొదలయ్యే తన కేక: "లాభం... రెండు... మూడు..." ఒకటి అనకూడదు. మొదటి తూకం ఎప్పుడూ లాభమే. తన గొంతు రోడ్డవతల చాయ్ బండి దాకా వినిపించేది. ఆ గొంతుకు పదేళ్లుగా పని లేదు.

దూలానికి కాంట వేలాడదీసి, భార్య వజ్రమ్మ పాత చీరతో జోలె కట్టి, పాపను పడుకోబెట్టారు. కింద వజ్రమ్మ రెండు చేతులూ చాపి నిలబడింది. పాప కాంట ముల్లును చూసి ఆవలించింది.

"నాలుగు కిలోల నాలుగొందలు" అని సాంబయ్య పెదవి కదలకుండా లోపలే అనుకున్నాడు. చీర గుడ్డకు వంద తీసేశాడు. అక్కడితో ఆగితే ఈ కథ లేదు. కాని ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు ఆగనివ్వలేదు. వేళ్లతో గుడ్డ అంచును నలిపి చూశాడు, పత్తిని నలిపి చూసినట్టే. చెమ్మ తగిలింది.

"నిన్నటి సంది ఎన్ని గుడ్డలు తడిపిందే?"

"తొమ్మిది" అంది వజ్రమ్మ. "ఏ? ఎందుకు?"

"తొమ్మిదా! మస్తు తేమున్నదే."

తడి పత్తికి తరుగు కోయని తూకం సాంబయ్య దృష్టిలో తూకమే కాదు, ఉత్త మాట. పైకి ఇంత నీరు వస్తుంటే లోపల ఇంకెంత ఉండాలి? గుడ్డకు యాభై గ్రాముల లెక్కన తొమ్మిది గుడ్డలకు నాలుగు వందల యాభై కోసేశాడు. ఈ కోత సంగతి ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు. అన్నం తినేటప్పుడు నములుతున్నానని ఎవరైనా చెబుతారా?

"మూడు కిలోల ఎనిమిదొందల యాభై" అని ప్రకటించాడు. అప్పుడు తన నోట్లోంచి వచ్చిన మాట తనకే వినిపించింది.

యమున ఏడవలేదు. అదే భయపెట్టింది. పాపను గుండెకు హత్తుకుని లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

వజ్రమ్మ వెంటనే పాలకుర్తిలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి, యాభై గ్రాములు తగ్గిందని చెప్పింది. చెల్లెలు తన మొగుడికి చెప్పేటప్పుడు వంద చేసింది, ఎందుకైనా మంచిదని. అతను లింగాల ఘనపూర్‌లోని యమున మొగుడు ఎల్లేశ్‌కు పావుకిలో అన్నాడు, విషయం తీవ్రత అర్థం కావాలని. ఎల్లేశ్ తన తల్లి కొమురమ్మకు అరకిలో అన్నాడు, భయంలో. ఎవరూ అబద్ధమాడలేదు. అందరూ కాస్త ముందుజాగ్రత్త పడ్డారు, అంతే.

సబ్‌సెంటర్‌కు బయలుదేరదామంటే దీప ఫోన్ చేసింది. "పెద్దనాయినా, తండాల టీకాలున్నయి. పదకొండున్నరకు రాండ్రి." ఆ రెండున్నర గంటల సందులో దూరిపోయింది ఉపద్రవం.

తొమ్మిదింటికి వాకిట్లో ట్రాలీ ఆటో ఆగింది. ముందు సీట్లోంచి ఎల్లేశ్ దిగాడు. వెనకనుంచి కొమురమ్మ పాలపొడి డబ్బాతో దిగింది. ఆమె వెంట కొత్తగా ఈనిన మేక దిగింది.

"డబ్బా ఒంటికి పడకుంటే మేకపాలు. అరకిలో తగ్గిందంటే ఇంకేం మిగిలిందన్నా పిల్ల ఒంట్ల?" అంది కొమురమ్మ.

"అరకిలో ఎవలన్నరు చెల్లె? యాభై గ్రాములు."

"యాభయ్యో అరకిలోనో, తగ్గిందా లేదా? లేకుంటే నీ కాంటన్న తప్పయి ఉండాలె!"

సాంబయ్య ముఖం రంగు మారింది. తన కులాన్ని అన్నా, తన ఇంటి కూరను అన్నా ఊరుకునేవాడు. "నా కాంట తప్పా? ముప్పై ఒక్క ఏండ్లల ఒక్క రైతు నా ముల్లును తప్పు వట్టలే!"

"మామా, గొడవెందుకు? ఇంకో కాంట మీద వెడితె తెలుస్తది గద" అన్నాడు ఎల్లేశ్, మంచి ఉద్దేశంతో. ఆ రోజు జరిగిన ప్రతి అనర్థం మంచి ఉద్దేశంతోనే జరిగింది.

సబ్‌సెంటర్ తోవలోనే సాంబయ్య పనిచేసిన పత్తి సేటు జాగా ఉంది. ఇప్పుడక్కడ దడువాయి పోచయ్య, సాంబయ్య చేతికింద తూకం నేర్చుకున్నవాడు. అందరూ ట్రాలీ ఎక్కారు. వాళ్ల వెంట మేకా ఎక్కింది, దాన్ని దింపే తీరిక ఎవరికీ లేకపోయింది.

సేటు జాగాలో ఆ రోజు రద్దీ. బచ్చన్నపేట చుట్టుపక్కల నుంచి వచ్చిన రైతులు పత్తి నింపిన బోరాల మీద కూర్చుని తమ వంతు కోసం చూస్తున్నారు. ముందురోజు ముసురు పట్టింది కాబట్టి పత్తిలో తేమ ఉందని పొద్దుటి నుంచి కోత మీద కోత పడుతోంది. అందరి కడుపులూ ఉడుకుతున్నాయి. ఇవేవీ సాంబయ్య గమనించలేదు. గేటు దాటగానే దూది వాసన తగిలి అతని నడక మారిపోయింది. పదేళ్లు తగ్గాయి.

"పోచిగా, శాంపిల్ కాంట తియ్యిరా. నా మనవరాలు."

"కాకా! ఎన్ని దినాలాయె!" పోచయ్య చేతులు తుడుచుకుని, చిన్న ఎలక్ట్రానిక్ కాంట మీద మెత్తటి తువ్వాల పరిచి, యమున చేతుల్లోంచి పాపను భద్రంగా తీసుకుని పడుకోబెట్టాడు. అచ్చం గురువు నేర్పిన గొంతుతో కేక పెట్టాడు.

"లాభం! నాలుగు కిలోల నాలుగొందలు! గుడ్డకు వంద! తేమెంత కాకా?"

"తొమ్మిది గుడ్డలు. నాలుగొందల యాభై గొయ్యి."

"మూడు కిలోల ఎనిమిదొందల యాభై!"

సాంబయ్య విజయగర్వంతో తిరిగాడు. "జూసినవా చెల్లె? నా కాంట తప్పా?"

అంతలో, పొద్దున్నే క్వింటాలుకు ఆరు కిలోల కోత పడిన ఒక ముసలి రైతు బోరా మీంచి నెమ్మదిగా లేచాడు.

"ఆగుండ్రి. నాలుగొందల యాభై ఏంది?"

"తేమ" అన్నాడు పోచయ్య.

"పసిగుడ్డుకు తేమ కోతనారా?"

జాగా మొత్తం లేచి నిలబడింది. "పత్తికి కోసిండ్రు, వడ్లకు కోసిండ్రు, ఇగ పాలు తాగే పోరిని సుత కోస్తున్నరు!" అని ఒకడు. "తడిగుడ్డతోని గొంతు కోసుడంటే గిదే!" అని ఇంకొకడు. క్షణంలో కాంట చుట్టూ యాభై మంది. "కోత బంద్ జెయ్యాలె!" అన్న అరుపులకు సేటు గల్లాపెట్టె వదిలి పరుగెత్తుకొచ్చాడు. అదే అదనుగా మేక ట్రాలీలోంచి దూకి, తూకమైన పత్తి కుప్పలోకి చొరబడి గింజలు వెతుక్కోవడం మొదలుపెట్టింది. "అయ్యో, ఆ మేక తిన్నదానికి తరుగు ఎవలు గొయ్యాలె?" అని సేటు మొత్తుకున్నాడు. ఆ మాటకు రైతులు నవ్వడంతో అతని పని అయిపోయింది.

ఆ గోలలో యమున గొంతు చాలా చిన్నగా వినిపించింది.

"బాపూ. పొద్దుగాల ఇంట్ల సుత కోసినవా?"

"కొయ్యకుంటే అది తూకమెట్లయితది బిడ్డా?" అన్నాడు సాంబయ్య. అన్నాక, ఆ వాక్యం తన ముందు నిలబడి తనను చూస్తున్నట్టు అనిపించింది. నాలుగు కిలోల మూడొందలు. పదిహేను రోజుల్లో నాలుగొందలు. మనవరాలికి దక్కాల్సిన నాలుగొందలనూ, మరో యాభైనీ, ఈ చేతులే కోసి పారేశాయి.

అరుపులకు పాప బెదిరి ఏడుపు అందుకుంది. యమున చుట్టూ చూసింది. వజ్రమ్మ కూతురి భుజం పట్టుకుని, వరసగా పేర్చిన పత్తి బోరాల వెనక్కి నడిపించింది. "గిక్కడ గూసో. నిన్ను సుత గిక్కడ్నే గూసోని సాకిన. నేను పత్తి ఎత్తెటోళ్లల్ల ఉంటి. నువ్వు ఏడిస్తే మీ బాపు తూకం ఆపి, ఎవలు అటు రాకుంట అడ్డం నిలవడెటోడు. ఆయన తూకం ఆపిండంటే అదొక్కదానికే."

సాంబయ్యకు అది గుర్తుంది. రెండు బోరాల మధ్య ఆ నీడ, దూది మీద నిద్రపోయే గుప్పెడంత యమున. అప్పుడు చేతిలో కాంట ఉండి కూడా, కూతురిని ఒక్కసారీ తూచలేదు. తూచాలని తోచలేదు. తాగేది, నవ్వేది, పెరిగేది. అంతే.

ఇప్పుడు అడ్డం నిలబడదామని అతను కదిలేలోగా కొమురమ్మ ముందే అక్కడికి చేరింది. కొంగు పరదాలా పట్టుకుని, "అటు వోండ్రి! ఏం జూస్తున్నరు?" అని రైతులను కసిరి, కోడలి పక్కన చతికిలబడింది. కాసేపటికి పాప ఏడుపు ఆగింది. గుటక, గుటక, గుటక. బోరాల అవతల నిలబడ్డ సాంబయ్యకు కూడా ఆ చప్పుడు వినిపించింది.

"గింత జోరుగ తాగుతదా!" అంది కొమురమ్మ. కొంగు ఇంకాస్త దగ్గరకు లాగి, మళ్లీ అంది. "ఎల్లేశ్ గాడు రెండు నెలలున్నప్పుడు నాకు పాలు లేవన్నది మా అత్త. అందరు అవుననిరి. సీసా వెట్టిరి. వాన్ని ఎవలు తూయలే యమునా. నిజంగ లేవో, ఉండెనో... నాకు గిప్పటికి తెల్వది."

యమున మెల్లగా అత్త చేతిని తీసుకుని పాప వీపు మీద పెట్టింది.

పదకొండున్నరకు దీప పాపను బట్టలు విప్పి తూచింది. "నాలుగు కిలోల మూడొందలు. పదిహేను రోజులల్ల నాలుగొందలంటే మంచిగ పెరిగింది. ఎన్ని గుడ్డలు తడుపుతుంది?"

సాంబయ్యే, నేరం ఒప్పుకుంటున్నవాడిలా, "తొమ్మిది" అన్నాడు.

"ఇంకేంది మరి! అన్ని తడిపిందంటే పాలు సరిపోతున్నట్టే గద. కాంట లేకున్నా గదే లెక్క, పెద్దనాయినా."

ఏది లోటని కోశాడో, అదే సాక్ష్యం. సాంబయ్య తల వంచుకున్నాడు. యమున అతని వైపు చూసి, రెండు నెలల్లో మొదటిసారి మనసారా నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుని, "బాపూ, చాయ్ తాగుదం పా" అంది.

సేటు ఆ ఒక్క రోజుకు తేమ కోత మానుకున్నాడు. మర్నాటి నుంచి పత్తికి కోత మామూలుగానే సాగింది. కాంట పక్క గోడ మీద మాత్రం ఎర్ర రంగుతో కొత్త బోర్డు వెలిసింది: 'ఇచ్చట పసిపిల్లలు తూచబడరు.'